ఒడ్డు నమీబియాది, నది మొత్తం పక్కవాళ్ళది

రెండు దేశాల మధ్య నది పారుతుంటే సరిహద్దు ఆ నది నడిమధ్యలో ఎక్కడో ఉంటుందని మామూలుగా అనుకుంటాం. ఆఫ్రికా కింది కొసన, నమీబియాకూ దక్షిణాఫ్రికాకూ మధ్య పారే ఆరెంజ్ నది దగ్గర లెక్క వేరు. దక్షిణాఫ్రికా వాదన ప్రకారం నమీబియా దేశం ఉత్తరపు ఒడ్డు దగ్గరే అయిపోతుంది. ఆ తర్వాత నీళ్ళు, ఇసుక, మధ్యలో లంకలు, అడుగున గులకరాళ్ళు, అన్నీ దక్షిణాఫ్రికావే. ఒడ్డు మీద నిలబడ్డ నమీబియా రైతు నీళ్ళలో కాలు పెడితే పక్కదేశంలో అడుగుపెట్టినట్టే. తోటకు నీళ్ళు తోడుకునే పైపు మూతి కూడా విదేశంలోనే ఉన్నట్టు.

నమీబియా దీన్ని ఒప్పుకోదు. 1990 మార్చి 21న దక్షిణాఫ్రికా పాలన నుంచి స్వతంత్రం వచ్చింది. అంతకు ముందే ఆమోదించుకున్న రాజ్యాంగంలో, మొదటి అధికరణంలోనే, తమ దక్షిణ సరిహద్దు ఆరెంజ్ నది మధ్యదాకా ఉంటుందని రాసుకుంది. ఒక దేశపు రాజ్యాంగం ఒక మాట చెప్తుంటే పక్కదేశం ఇంకో మాట చెప్తూ మూడు దశాబ్దాలు దాటిపోయాయి. ఇద్దరి మధ్యా తుపాకీ పేలలేదు కాబట్టి ప్రపంచానికి ఇది వార్త కాదు. నాకు మాత్రం ఇదే ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. గొడవ లేదు, గట్టిగా అడ్డుపడే వాళ్ళూ లేరు, అయినా పని కాదు.

అసలు ఈ గీత ఎక్కడిది? 1890 జూలై 1న బెర్లిన్‌లో బ్రిటన్, జర్మనీ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ మీద బ్రిటన్ ఆధిపత్యానికి జర్మనీ ఒప్పుకుంది, బదులుగా ఉత్తర సముద్రంలో హెలిగోలాండ్ అనే చిన్న ద్వీపం తీసుకుంది. ఆ బేరంలో భాగంగానే ఆఫ్రికాలో ఎవరి వాటా ఎక్కడిదాకా అన్నది కూడా తేల్చుకున్నారు. జర్మన్ల నైరుతి ఆఫ్రికాకు, అంటే నేటి నమీబియాకు, దక్షిణపు హద్దు ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర మొదలై, ఉత్తరపు ఒడ్డు వెంబడి పైకి వెళ్ళి, 20 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆగాలన్నారు. ఆ నది ఒడ్డున తరాలుగా పశువులు మేపుకుంటున్న నామా జనాన్ని ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ కాలపు ఒప్పందాలన్నీ అలాంటివే.

అదే ఒప్పందంలో, అదే అధికరణంలో, ఇంకో నది ఉంది. ఈశాన్యాన చోబే. అక్కడ హద్దు ఒడ్డు మీద కాదు, ప్రధాన పాయ మధ్యలో ఉండాలని రాశారు. ఒకే రోజు, ఒకే కాగితం, అవే సంతకాలు. ఒక నదిలో సగం ఇచ్చారు, ఇంకో నదిలో చుక్క కూడా ఇవ్వలేదు. దీని వెనక ఏదో గొప్ప సూత్రం ఉందని ఎవరైనా అంటే నేను నమ్మను. నేటి దక్షిణాఫ్రికాలో ఉన్న బ్రిటిష్ వలస కేప్ కాలనీ వాళ్ళకు ఆరెంజ్ మీద పట్టు కావాలి, బ్రిటన్ తీసుకుంది. జర్మనీకి హెలిగోలాండ్ కావాలి, తీసుకుంది. అంతే.

చోబే దగ్గర కూడా నమీబియాకు కలిసిరాలేదు, అది వేరే కథ. నది రెండు పాయలుగా చీలి మధ్యలో ఒక లంకను వదిలింది. నమీబియా వాళ్ళు దాన్ని కసికిలి అంటారు, బోట్స్‌వానా వాళ్ళు సెడూడు అంటారు. మహా అయితే మూడున్నర చదరపు కిలోమీటర్లు, అదీ ఏటా కొన్ని నెలలు వరదలో మునిగే ఉంటుంది. దానికోసం రెండు దేశాలూ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి. 1999 డిసెంబర్ 13న తీర్పు వచ్చింది. ప్రధాన పాయ ఉత్తరపుదే కాబట్టి లంక బోట్స్‌వానాదే అని 11 మంది న్యాయమూర్తులు అన్నారు, నలుగురు కాదన్నారు. నమీబియా ఓడింది, ఒప్పుకుంది. అంటే 1890 నాటి కాగితం తనకు ఎదురు తిరిగినా తలవంచిన దేశం ఇది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆరెంజ్ విషయంలో నమీబియా ఏదో అత్యాశకు పోతోందన్నట్టు మాట్లాడేవాళ్ళు ఉన్నారు.

ఇక దక్షిణాఫ్రికా చెప్పే కారణం. 1964లో కైరోలో ఆఫ్రికా దేశాలు కలిసి ఒక తీర్మానం చేశాయి. స్వతంత్రం వచ్చిన రోజున ఏ హద్దులు ఉన్నాయో వాటినే గౌరవిద్దామని. అది తెలివితక్కువ తీర్మానం కాదు, నేనైతే ఆ కాలానికి చాలా అవసరమైందే అంటాను. ఆ హద్దుల్లో సగానికి సగం స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఒకే జాతిని రెండు మూడు దేశాలకు పంచాయి. వాటిని తిరగదోడితే ఎక్కడ ఆగుతుంది? సోమాలియా ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. 1977లో సోమాలీలు ఉండే ఒగాడెన్ ప్రాంతం కోసం ఇథియోపియాతో యుద్ధానికి దిగింది, వేలమంది పోయారు, చివరికి గీత ఉన్నచోటే ఉంది. కాబట్టి 'ఉన్న హద్దుల్ని కదపొద్దు' అన్న మాట వెనక నిజమైన భయం ఉంది.

కానీ ఆ తీర్మానం బలవంతంగా కదపొద్దని చెప్పిందే తప్ప, ఇద్దరూ ఇష్టపడి సరిచేసుకుంటే తప్పని ఎక్కడ చెప్పింది? ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని గట్టు సరిచేసుకుంటామంటే ఊళ్ళో ఎవరికి అభ్యంతరం? పైగా దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం చివరి రోజుల్లో, అధ్యక్షుడు డి క్లార్క్ హయాంలో, మధ్యగీతకు తలూపింది. తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది. నమీబియా విముక్తి ఉద్యమం స్వాపోతో భుజం భుజం కలిపి పోరాడిన ఏఎన్‌సీ, అంటే మండేలా పార్టీ, గద్దెనెక్కింది. ఇక పని అయిపోయినట్టే అనుకుంటాం కదా. అప్పుడు బయటికి తీశారు కైరో తీర్మానాన్ని. శ్వేతజాతి ప్రభుత్వం ఇవ్వడానికి సిద్ధపడిన దాన్ని విముక్తి ఉద్యమం పట్టుకుని కూర్చుంది. ఈ ఒక్క సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు మింగుడుపడదు.

సరే, సూత్రం అంటే సూత్రమే అనుకుందాం. అయితే వాల్విస్ బే సంగతేంటి? నమీబియా తీరం మొత్తానికీ లోతైన మంచి రేవు అదొక్కటే. బ్రిటన్ 1878లో దాన్ని ఆక్రమించింది, 1884లో కేప్ కాలనీలో కలిపేసింది. కాగితాల లెక్కన అది దక్షిణాఫ్రికాదే, నమీబియాకు స్వతంత్రం వచ్చిన రోజున కూడా వాళ్ళ చేతిలోనే ఉంది. కైరో తీర్మానాన్ని అక్షరాలా చదివితే అది ఈ రోజుకీ దక్షిణాఫ్రికా రేవే అయి ఉండాలి. కానీ 1994 ఫిబ్రవరి 28 అర్ధరాత్రి, మండేలా అధ్యక్షుడు కావడానికి రెండు నెలల ముందు, ఆ రేవునూ తీరం వెంబడి ఉన్న చిన్న చిన్న ద్వీపాలనూ నమీబియాకు అప్పగించేశారు. మండేలా వచ్చాక పాత అప్పులు కూడా మాఫీ చేశారు. ఎవరూ కొంప మునిగిందని గోల పెట్టలేదు. ఆఫ్రికా హద్దులన్నీ దీన్ని చూసి కూలిపోలేదు. మొత్తం రేవుపట్టణాన్నే ఇవ్వగలిగిన దేశానికి నదిలో సగం ఇవ్వడానికి సూత్రం అడ్డొచ్చిందంటే, అడ్డొచ్చింది సూత్రం కాదని నా అనుమానం.

ఇంకో ఉదాహరణ వాళ్ళ ఇంట్లోనే ఉంది. నదికి దక్షిణపు ఒడ్డున రిఖ్టర్స్‌వెల్డ్ అనే రాళ్ళ ఎడారి ప్రాంతం. అక్కడి నామా సముదాయం భూమిని బ్రిటన్ 1847లో ఒక ప్రకటనతో తనదనేసింది. 1920లలో వజ్రాలు బయటపడ్డాక ప్రభుత్వం వాళ్ళను ఆ నేలనుంచి పూర్తిగా దూరం పెట్టింది. వాళ్ళు కోర్టుకెక్కారు. 2003లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, 1847 ఆక్రమణతో ఆ సముదాయం హక్కులు చచ్చిపోలేదనీ, భూమి మీదే కాదు అందులోని ఖనిజాల మీద కూడా వాళ్ళ ఆచార న్యాయం ప్రకారం హక్కు ఉందనీ తేల్చింది. అద్భుతమైన తీర్పు. అంటే వలస పాలకుల కాగితాన్ని పక్కకు తోసి, దాని కింద ఏముందో చూడగల న్యాయవ్యవస్థ ఆ దేశానికి ఉంది. అదే చూపు కొంచెం ఉత్తరానికి, నదిలోకి తిప్పడానికి రాజకీయ నాయకులకు ఏమైంది?

నామా వాళ్ళ దగ్గర ఇంకాస్త ఆగుతాను. వాళ్ళకు ఈ నది ఎన్నడూ హద్దు కాదు. చుట్టాలు ఇటూ ఉంటారు, అటూ ఉంటారు. 1904 నుంచి 1908 దాకా జర్మన్లు హెరెరోలనూ నామాలనూ ఊచకోత కోసినప్పుడు ప్రాణాలు దక్కించుకోవడానికి నామా జనం దాటింది ఈ నదినే. గెరిల్లా నాయకుడు యాకోబ్ మొరెంగా కూడా తరుముతుంటే కేప్ వైపు వచ్చేశాడు. 1907లో కేప్ పోలీసులే అతన్ని చంపారు. గీత గీసిన రెండు సామ్రాజ్యాలూ తమకు పని పడినప్పుడు ఆ గీతను ఎంత సులువుగా మర్చిపోయాయో చూడండి.

నీళ్ళ విషయానికి వద్దాం, ఎందుకంటే కామెంట్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే: నీళ్ళు పంచుకుంటూనే ఉన్నారుగా, గీత ఎక్కడుంటే ఏంటి? నిజమే, పంచుకుంటున్నారు. నోర్డూవర్, ఫియూల్స్‌డ్రిఫ్ అనే రెండు ఊళ్ళు ఎదురెదురు ఒడ్డుల్లో ఉన్నాయి. ఒకే కాలువ నది కింద సైఫన్ల గుండా ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు దాటుతూ రెండు దేశాల పొలాలకూ నీళ్ళిస్తుంది. దాన్ని నడపడానికి 1992లో రెండు దేశాలూ ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. 2000లో లెసోతో, బోట్స్‌వానా కూడా కలిసి నాలుగు దేశాల నదీ కమిషన్ వచ్చింది. ఇదంతా మెచ్చుకోవాల్సిందే. కృష్ణకు అటూ ఇటూ ఉన్న మనం మరీ మెచ్చుకోవాలి. 2023 నవంబర్‌లో, సరిగ్గా తెలంగాణ పోలింగ్ వేళ, నాగార్జునసాగర్ డ్యామ్ మీద 13 గేట్ల దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు కంచె వేశాక కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. అదీ ఒకే దేశంలో.

కానీ పంచుకోవడం వేరు, హక్కు ఉండటం వేరు. నమీబియా మ్యాప్ చూస్తే విషయం తెలుస్తుంది. ఏడాది పొడవునా పారే నదులన్నీ ఆ దేశపు అంచుల మీదే ఉన్నాయి. ఉత్తరాన కునేనే, ఒకవాంగో, ఈశాన్యాన జాంబెజీ, దక్షిణాన ఆరెంజ్. లోపల ఉన్నవన్నీ వానొస్తే పారి, మిగతా కాలం ఇసుకగా పడుండే వాగులే. అలాంటి దేశానికి దక్షిణాన ఉన్న ఒకే ఒక్క జీవనదిలో నీళ్ళు పక్కవాళ్ళ దయ మీద రావడమంటే చిన్న సంగతా? ఔసెన్‌కేర్ దగ్గర ఎడారి మధ్యలో పచ్చగా కనిపించే ద్రాక్షతోటలన్నీ ఈ నీళ్ళ మీదే బతుకుతున్నాయి. యూరప్‌లో క్రిస్మస్ బల్లల మీదకు వెళ్ళేది ఆ ద్రాక్షే. వాటిని కోసే కూలీలు దేశపు ఉత్తర కొసనుంచి వచ్చి రెల్లు గుడిసెల్లో ఉంటారు. వాళ్ళ బాగోగుల మీద ఇంకో పోస్టు రాయాలి, ఇక్కడ మొదలెడితే ఆగదు.

పైగా నది పైభాగం అంతా దక్షిణాఫ్రికా, లెసోతోల్లో ఉంది. గరీప్ డ్యామ్, వాండర్‌క్లూఫ్ డ్యామ్, నీటిని వేరే లోయకు తరలించే 80 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం, లెసోతో కొండలనుంచి జోహాన్నెస్‌బర్గ్ వైపు మళ్ళించే పథకం. ఇవన్నీ దాటుకుని కిందికి వచ్చేది మిగిలిందే. ముఖద్వారంలోని చిత్తడి నేల, కాపాడాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో ఉంది. దక్షిణాఫ్రికా వైపు భాగం 1991లో, నమీబియా వైపు భాగం 1995లో చేరాయి. అదే 1995లో దక్షిణాఫ్రికా భాగాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో కూడా చేర్చాల్సి వచ్చింది. పక్షులు ఒకటే, చిత్తడి ఒకటే, రిజిస్ట్రేషన్లు మాత్రం రెండు.

ఇక అసలు డబ్బు. ఈ నది కోట్ల ఏళ్ళుగా దక్షిణాఫ్రికా లోపలి నేలల్లోంచి వజ్రాలను మోసుకొచ్చి సముద్రంలో పోసింది. అక్కడ అలల తోపు ఉత్తరానికి కాబట్టి చాలావరకు నమీబియా తీరానికే కొట్టుకెళ్ళాయి. ముఖద్వారం దగ్గరి ఒరాన్యెముండ్ పట్టణం పుట్టిందే వాటికోసం. 2017 దాకా అక్కడికి అనుమతి పత్రం లేకుండా ఎవరూ వెళ్ళలేకపోయేవారు. నది ఏ కాగితమూ చూడకుండా పంచింది. ఆ పంపకం మీద ఇప్పుడెవరూ దావా వేయలేరు కానీ, నదీగర్భంలో మిగిలినవి ఎవరివన్న ప్రశ్న హద్దుతోనే ముడిపడి ఉంది.

2022లో షెల్, టోటల్ఎనర్జీస్ కంపెనీలు ఇదే నది పేరు పెట్టిన సముద్రపు బేసిన్‌లో, నమీబియా వైపు, పెద్ద చమురు నిక్షేపాలు కనుక్కున్నాయి. సముద్రంలో రెండు దేశాల హద్దు మొదలయ్యేది భూమి హద్దు నీళ్ళను తాకే చోటే. అది ఉత్తరపు ఒడ్డా, నది మధ్యా అన్నది తేలకపోతే సముద్రంలో గీసే గీత కూడా వేలాడుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ వాయిదా వేయడం చౌకగా నడిచింది, ఎందుకంటే పందెం మీద ఉన్నది చేపలూ ఇసుకా. ఇకమీద అంత చౌక కాదు. లాయర్లు రంగంలోకి దిగాక, బ్లాకులు వేలం వేశాక, ఈ పార్టీ ఆ పార్టీ ఎన్నికల సభల్లో 'మన చమురు' అని అరవడం మొదలెట్టాక, అన్నదమ్ముల మాటలు పనిచేయవు.

నా మాట ఇది. ప్రిటోరియాలో కూర్చున్న దక్షిణాఫ్రికా ప్రభుత్వం వాళ్ళు వాల్విస్ బే ఫైలు ఒకసారి తీసి చూసుకోవాలి, ఎలా చేయాలో అందులో ఉంది. నది మధ్యగీతను ఒప్పుకుంటూ ఒక ఒప్పందం. నీటి వాటాలు వేరే అధ్యాయం, అవి కమిషన్ చూసుకుంటుంది. ఇప్పటికే ఉన్న గనుల లైసెన్సులు ఎవరివి వాళ్ళకే. నామా సముదాయాలకు రెండు ఒడ్డుల మీదా రాకపోకలు, మేత, చేపలవేట, ఇందులో రాతపూర్వకంగా ఉండాలి, ఈసారైనా వాళ్ళను పిలిచి అడగాలి. నమీబియా రాజధాని విండ్‌హుక్ కూడా 'మా రాజ్యాంగంలో ఉందిగా' అని కూర్చోవడం మానాలి. ఒక దేశం తన పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన పక్కదేశం బద్ధురాలు కాదు, అది వాళ్ళకూ తెలుసు. ఇవ్వరంటే హేగ్‌కు పోదాం రండి అని సూటిగా అడగాలి. కసికిలి కోసం వెళ్ళినవాళ్ళే కదా, దారి కొత్తేమీ కాదు.