నాలుగో డిస్క్ బిగించే ముందు

బరంపురంలో మా మామయ్యది పెళ్లి వీడియోల స్టూడియో. కౌంటరు కింద ఒక పీసీ, అందులో 4 టీబీ డిస్కులు మూడు. గంజాం జిల్లా తెలుగువాళ్ల పెళ్లిళ్లు ఎన్నో ఆ డబ్బాలోనే ఉన్నాయి. మా అమ్మమ్మ పాడిన మంగళహారతులూ అందులోనే. మా పిల్లల చదువంతా ఒడియాలో, ఇంగ్లీషులో సాగుతోంది. ఇంట్లో పెద్దవాళ్ల తెలుగు ఎలా ఉండేదో రేపు వాళ్లకు వినిపించాలంటే ఆ రికార్డింగులే దిక్కు. అందుకే ఆ పీసీకి జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టించాను. డిస్కుల మీద ఫైళ్లను దాచి చూసుకునే ఫైల్ సిస్టమ్ అది. ఏ డిస్కులోనైనా డేటా చెడితే చెక్‌సమ్ (డేటా నుంచి ముందే లెక్కగట్టి దాచుకున్న అంకె) చూసి పట్టుకుంటుంది, మిగతా డిస్కుల్లోని సమాచారంతో బాగుచేసుకుంటుంది.

ఇప్పటి పెళ్లిళ్లు ఫోర్‌కేలో తీస్తున్నారు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే ఒక్క పెళ్లికే 540 జీబీ. మూడు డిస్కులూ నిండిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. 2023లో మామయ్య నాలుగోది కొన్నాడు. స్టూడియో కుర్రాడు దాన్ని బిగించి, జాగా కలిపే 'జెడ్‌పూల్ యాడ్' కమాండ్ కొట్టాడు. ఉన్నవాటికి రక్షణ ఉంది, దీనికి లేదు, రెండూ పొసగవని సిస్టమ్ అడ్డు చెప్పింది. బలవంతంగా చేయించే ఆప్షన్ తగిలించి మళ్లీ కొట్టాడు. జాగా పెరిగింది, అందరూ సంతోషించారు.

నేను వెళ్లి చూసేసరికి గుండె గుభేల్మంది.

"తప్పయితే తీసేయరా, దానిదేముంది?" అన్నాడు మామయ్య.

"తీయడం కుదరదు మామయ్యా. ఇప్పుడు ఆ ఒక్క డిస్క్ పోతే నాలుగూ పోయినట్టే."

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పూల్ అంటే డిస్కుల గ్రూపులు కలిసిన రాశి. ఒక డిస్క్ పోయినా తట్టుకునే ఏర్పాటు గ్రూపు లోపలే ఉంటుంది, గ్రూపుల మధ్య ఉండదు. కొత్త డేటా అన్ని గ్రూపుల మీదికీ పరుచుకుంటుంది. అందుకే ఏ ఒక్క గ్రూపు కూలినా పూల్ మొత్తం కూలుతుంది. పూల్‌లో రెయిడ్-జెడ్ గ్రూపు (మా మూడు డిస్కుల్లాగా, డేటాతోపాటు పారిటీ అనే రక్షణ సమాచారాన్నీ డిస్కులన్నిటి మీదా పరిచేది) ఉంటే, చేర్చిన గ్రూపును వెనక్కి తీసే వీలు కూడా లేదు. అరువు డిస్కుల మీదికి అంతా కాపీ చేసి, పూల్ చెరిపి మళ్లీ కట్టాం. అది ముగిసేదాకా నాకు ఒకటే టెన్షన్.

కుర్రాణ్ణి తప్పుపట్టలేను. అప్పట్లో రెయిడ్-జెడ్ గ్రూపుకు ఒక్క డిస్క్ కలిపే దారే లేదు. కొత్త గ్రూపు మొత్తం కొనాలి, లేదంటే ఉన్న డిస్కులన్నిటినీ ఒక్కొక్కటిగా పెద్దవాటితో మార్చాలి. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో మొదలైన ఈ ఫైల్ సిస్టమ్ పెద్ద సర్వర్లను ఉద్దేశించి కట్టింది. అక్కడ డిస్కులు డజన్ల లెక్కన కొంటారు. మన ఇళ్లలో సీజన్ డబ్బులు చేతికొచ్చాక ఒకటి కొంటాం. ఈ తేడాను చాలా ఏళ్లు ఎవరూ పూడ్చలేదు. జెడ్‌ఎఫ్‌ఎస్ సృష్టికర్తల్లో ఒకరైన మాట్ ఏరెన్స్, గ్రూపుకు ఒక్కో డిస్క్ కలిపే ఏర్పాటు పనిని 2017లో ప్రకటించారు. అది అందరి చేతికి వచ్చింది 2025 జనవరిలో, జెడ్‌ఎఫ్‌ఎస్ ఓపెన్‌సోర్స్ రూపమైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో. ఇప్పుడు 'యాడ్' బదులు 'అటాచ్' అని, రెయిడ్-జెడ్ గ్రూపు పేరు చెబితే ఆ డిస్క్ గ్రూపు లోపలికే చేరుతుంది.

పని నడుస్తున్నప్పుడు కూడా పూల్ వాడుకోవచ్చు. రక్షణ తగ్గదు. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ వచ్చాక ఆగిన చోటినుంచే సాగుతుంది. గాలివాన రోజుల్లో మా ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. మధ్యలో డిస్క్ చెడితే మాత్రం దాన్ని మార్చి గ్రూపు కోలుకునేదాకా ఆగుతుంది.

చాలామంది కంగారుపడేది జాగా లెక్క దగ్గర. మూడు 4 టీబీ డిస్కుల రెయిడ్-జెడ్1లో (ఒక డిస్క్ పోయినా తట్టుకునే రకం) వాడుకునేది సుమారు 8 టీబీ. నాలుగోది కలిపితే 12 కావాలి. కానీ సిస్టమ్ పాత నిష్పత్తితోనే లెక్కగట్టి 10.7 దగ్గర చూపిస్తుంది. పాత ఫైళ్లు కూడా రెండు పాళ్ల డేటాకు ఒక పాలు పారిటీ అనే పాత కొలతలోనే ఉండిపోతాయి. తిరగరాస్తేనే కొత్త కొలతకు మారతాయి. డిస్క్ పాడైందనుకుని దుకాణానికి పరిగెత్తక్కర్లేదు.

అసలు ఆలోచించాల్సింది వేరే ఉంది. ఎన్ని డిస్కులు కలిపినా రెయిడ్-జెడ్1, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్-జెడ్2 కాదు. మూడు డిస్కులకు ఒకటి పోతే తట్టుకోవడం వేరు, ఎనిమిదింటికి ఒకటే పోతే తట్టుకోవడం వేరు. మా దగ్గర ఒక డిస్క్ చెడితే భువనేశ్వర్ నుంచో విశాఖ నుంచో ఇంకోటి రావాలి. అది వచ్చి, పునర్నిర్మాణం గంటల తరబడి సాగి పూర్తయ్యేలోపు రెండోది పోతే చేయగలిగింది లేదు. కాబట్టి ఒక్కో డిస్క్ కలుపుకుంటూ పోదామనుకునేవాళ్లు మొదటిరోజే నాలుగింటితో రెయిడ్-జెడ్2 కట్టుకోవాలని గట్టిగా చెబుతాను. అంత పెట్టుబడి లేకపోతే రెండు డిస్కుల మిర్రర్, అంటే ఒకే డేటా రెండింటి మీదా. సగం జాగా పోతుందని మామయ్య ఇప్పటికీ గొణుగుతాడు. కానీ మిర్రర్‌లో పునర్నిర్మాణం సులువు, తర్వాత ఇంకో జత కలపొచ్చు, కలిపిన జతను వెనక్కి తీయొచ్చు కూడా.

'యాడ్' కొట్టే ముందు చిన్నక్షరం 'ఎన్' ఆప్షన్ పెడితే ఏం జరగబోతోందో చూపించి ఆగుతుంది. ముందే చెక్‌పాయింట్ (పూల్ అప్పుడు ఎలా ఉందో గుర్తుపెట్టే ఏర్పాటు) తీసుకుని ఉంటే వెనక్కీ వెళ్లొచ్చు. ఈ రెండు సంగతులు ఆ రోజు ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినప్పుడు చూశాం, నీళ్లు వస్తే డిస్కులు రెండున్నా పదున్నా ఒకటే. స్టూడియో పూల్ ఇప్పుడు రెండు మిర్రర్ జతలు. జాగా మళ్లీ నిండుతోంది. మామయ్య ఇంకో జత అడుగుతున్నాడు. దానికంటే ముందు ఒకే ఒక్క పెద్ద డిస్క్ కొనిపించాను. అమ్మమ్మ పాటలు, పెళ్లిళ్లు దాని మీదికి కాపీ అయ్యాయి. పోయిన ఆదివారం దాన్ని పర్లాకిమిడిలో పిన్ని వాళ్లింటి మేడమీద బీరువాలో పెట్టి వచ్చాను.