25 రెట్ల జింక

టెక్సాస్‌లో నవంబర్ మొదటి శనివారం జింకల వేట సీజన్ మొదలవుతుంది. ఆలోపు తేలాల్సిన విషయం ఒకటుంది, ఎంతకీ తేలడం లేదు: 1950ల నాటి వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ మీద ఏ స్కోపు (దూరాన్ని దగ్గర చేసి గురి చూపించే దుర్భిణి) బిగించాలి? వడ్డీ రేట్ల మీద, ఎన్నికల మీద టీవీల్లో గంటలకొద్దీ చర్చలు నడుస్తాయి. దీని మీద మాత్రం బాధ్యతగల మనుషులు పాట్‌లక్ భోజనాల దగ్గర, పిల్లల కూచిపూడి క్లాసు బయట నిలబడి తమలో తామే నలిగిపోతున్నారు. వాళ్ల తరఫున ఈ నాలుగు ముక్కలు.

కూచిపూడికీ తుపాకికీ ఏం సంబంధం అనకండి. డాలస్, ఆస్టిన్ వైపు మన ఐటీ కుర్రాళ్లు కొందరు ఈ దారి పట్టారు. పట్టించింది చట్టమే. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి. గ్రీన్ కార్డు కోసం మనవాడు ఏళ్ల తరబడి క్యూలో ఉంటాడు. హంటింగ్ లైసెన్స్ ఆన్‌లైన్లో కాఫీ చల్లారేలోపు వస్తుంది. 1971 సెప్టెంబర్ 2 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలని టెక్సాస్ నియమం. కోర్సు, పరీక్ష, సర్టిఫికెట్ అంటే బెదిరిపోయే జాతా మనది? ఊళ్లో అమ్మానాన్నలకు మాత్రం ఇంకా చెప్పలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన దేశంలో జింక పేరెత్తితే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కోర్టు వాయిదాలే.

ఇక రైఫిల్. మోడల్ 70 తయారీ 1936లో మొదలైంది. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి డిజైన్ మార్చేసింది. దాంతో అంతకుముందు వచ్చినవాటికి ‘ప్రీ-64’ అని పేరు పడింది. ఇక్కడి పెద్దవాళ్లు ఆ మాటను మన తాతలు ‘ఆ రోజుల్లో నెయ్యి’ అన్నంత భక్తిగా పలుకుతారు. వాల్‌నట్ చెక్క, తూటా వెనక అంచును పట్టుకుని బయటికి లాగే పొడవాటి ఉక్కు పంజా, చేతికి ఒదిగే బరువు. లోపల వేసేది చాలావరకు థర్టీ-ఆట్-సిక్స్ తూటా, అమెరికా సైన్యం 1906లో తీసుకున్నది. ఇంత చరిత్ర ఉన్న వస్తువు మీద 4 రెట్లు మాత్రమే చూపించే సన్నటి స్కోపు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల ఉద్దేశాలను శంకించక తప్పదు.

వాళ్ల వాదన ఏమిటంటే, జింక దగ్గరే ఉంటుందట. నిజమే, కాదనను. టెక్సాస్‌లో ప్రైవేటు భూముల్లో మేత వేసి జింకను పిలవడం చట్టబద్ధం. డీర్ లీజు అని వేటకు భూమి అద్దెకు తీసుకుంటారు, స్తంభాల మీద బ్లైండ్ అనే గది కడతారు, దానికి ఓ 100 గజాల దూరంలో ఫీడర్ నిలబెడతారు. ఫీడర్‌కి టైమర్ ఉంటుంది. వేళకి గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు వెదజల్లుతుంది. జింక ఎన్నింటికి వస్తుందో వేటగాడికి తెలుసు, మొక్కజొన్న ఎన్నింటికి పడుతుందో జింకకు తెలుసు. ఇద్దరి మధ్యా అపాయింట్‌మెంట్ ఖాయమైంది. అలా టైము తప్పకుండా వచ్చే జింకను కేవలం 4 రెట్లు పెంచి చూడటం మర్యాదేనా? కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాణ్ణి నేను వేటగాడనను. అందుకే 5 నుంచి 25 రెట్ల దాకా పెరిగే, ముందు అద్దం 56 మిల్లీమీటర్లుండే స్కోపునే నేను సమర్థిస్తాను.

చిన్న చిక్కు లేకపోలేదు. 25 రెట్ల దగ్గర 100 గజాల దూరంలో కనిపించే మేర దాదాపు 5 అడుగులు. జింక పొడవూ ఇంచుమించు అంతే. బ్లైండ్‌లో ఇలాంటి సంభాషణలు సహజం:

“అన్నా, కనిపించిందా?”

“కనిపిస్తోందిరా. బొచ్చు.”

“కొమ్ములున్నాయా?”

“బొచ్చే ఉంది. ముందుదో వెనకదో తెలియట్లేదు.”

పాత 4 రెట్ల స్కోపులో ఇదే దూరంలో 24 అడుగుల మేర కనిపిస్తుంది. జింకతో పాటు పక్క జింక, ఫీడరు, పొద, అన్నీ. అనవసర సమాచారం. పోనీ స్కోపును 5కి తగ్గించుకోవచ్చు కదా అంటారు. 25కి డబ్బు కట్టి 5లో చూసే అలవాటు మన వంశంలో లేదు.

వెలుగు సంగతి కూడా తేల్చేద్దాం. ఇక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు జింకను కాల్చవచ్చు. ఆ మసక వేళ పెద్ద అద్దం కావాలని అందరూ ఏకగ్రీవంగా నమ్ముతారు. అద్దం సైజును రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో రాత్రిపూట అడవిపందుల కోసం మంచెల మీద కూర్చునేవాళ్లు 8 రెట్లు, 56 మిల్లీమీటర్ల స్కోపు వాడతారు. అంటే 7 మిల్లీమీటర్లు. చీకట్లో కుర్రవాడి కనుపాప తెరుచుకునేది సుమారు అంతే, వయసు మీద పడినవాడిది 5. లెక్క కుదిరింది. అదే 56 అద్దాన్ని 25 రెట్లకు తిప్పితే 2 మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది, చీకటి పడకముందే చీకటి. పాత 4 రెట్ల, 32 మిల్లీమీటర్ల స్కోపుకు 8 వస్తుంది. అంటే మన కన్ను తాగలేనంత వెలుగు ఇచ్చి ఆ పేదది వృథా చేస్తోంది. పొదుపు తెలిసినవాడెవడైనా దాన్ని కొంటాడా?

ఇక బిగింపు. పాత రైఫిళ్ల బట్, అంటే భుజానికి ఆనించే చెక్క, స్కోపు లేకుండా గురి చూసే ఇనప సైట్లకు తగ్గట్టు కిందికి వాలి ఉంటుంది. 56 అద్దం తుపాకి గొట్టానికి తగలకుండా ఉండాలంటే స్కోపును పట్టి ఉంచే రింగులు ఎత్తువి వేయాలి. వేస్తే చెంప చెక్కకు ఆనదు, గాల్లో ఉంటుంది. మెడ సాచి, గడ్డం ఎత్తి, కొంగలా చూడాలి. కన్ను ఎంత దూరంలో పెట్టాలో కుదరక మరీ ముందుకు వంగితే, పేలగానే స్కోపు వెనక్కి వచ్చి కనుబొమ మీద అర్ధచంద్రం గీస్తుంది. సోమవారం స్టాండప్ మీటింగులో ఆ గుర్తుకు చాలా విలువ ఉంటుంది. స్కోపు బరువు కిలో దగ్గరికి వస్తుంది, పాతది 300 గ్రాములు కూడా ఉండదు. ఆ తేడా జిమ్ము ఖర్చులో రాసుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన మోడల్ 70 దొరికినవాళ్లు మరింత అదృష్టవంతులు. వాటి తూటా గది వెనక ఉండే ఉక్కు వంతెన మీద స్కోపు కోసం రంధ్రాలుండవు. డ్రిల్లుతో రెండు వేయించారంటే పాత తుపాకులు సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువ అక్కడికక్కడే పడిపోతుంది. పడితేనేం, ఆ పడిన విలువకు పైన బిగించిన స్కోపు ధర కలిపి చెప్పుకోవచ్చుగా. కింది మీట లాగి తూటా ఎక్కించే వించెస్టర్ మోడల్ 94 ఉన్నవాళ్లకు ఈ భాగ్యం లేదు. పాతవాటిలో పేలిన తూటా ఖాళీ తొడుగు నిటారుగా పైకి ఎగురుతుంది, స్కోపు ఉండాల్సిన చోటు నుంచే. వాళ్లను చూసి జాలిపడి ముందుకు సాగుదాం.

నమ్మకం అనే మాట కూడా ఈ మధ్య బాగా వినిపిస్తోంది. పాతకాలం వాళ్లకు స్కోపు మీద నమ్మకం అంటే మూడే సంగతులు: లోపల ఆవిరి పట్టకూడదు, దెబ్బ తగిలినా గురి కదలకూడదు, మీట ఎంత తిప్పితే గురి అంతే జరగాలి. ఆరెగాన్‌లో మార్కస్ లూపోల్డ్ అనే ఆయన స్కోపులో ఆవిరి పట్టి జింకను పోగొట్టుకున్నాడట. ఇంతకంటే మంచిది నేనే చేస్తానని కోపంతో పూనుకున్నాడని లూపోల్డ్ కంపెనీ చెప్పుకునే కథ. 1947లో ప్లెయిన్స్‌మన్ అనే స్కోపు వచ్చింది, ఆ తర్వాత గొట్టంలో నైట్రోజన్ నింపడం వచ్చింది. ఎల్ పాసోలో బిల్ వీవర్ ఉక్కు గొట్టంతో చేసిన కె4 అనే 4 రెట్ల స్కోపులు అమెరికాలో చాలా రైఫిళ్ల మీద ఉండేవి, ఇంకా ఉన్నాయి. ఈ మూడు గుణాల్లో ఒక్కటైనా డబ్బా మీద చూసి తేల్చుకోగలిగేది కాదు. తేల్చుకోవాలంటే కాల్పులు సాధన చేసే రేంజికి వెళ్లి ఒక గుండు కాల్చి, స్కోపు మీటల్ని 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతి మూలా కాల్చి, చివరి గుండు మొదటి చిల్లు పక్కనే పడిందో లేదో చూడాలి. రింగుల స్క్రూలు టార్క్ రెంచితో సరిపడా బిగించాలి. ఇంత చేస్తే మధ్యాహ్నం అయిపోతుంది, తూటాలూ అయిపోతాయి, మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఎవరూ చేయరు. డబ్బా మీద ఉన్న వెలిగే క్రాస్‌హెయిర్ (గురి చూసే అడ్డ నిలువు గీతలు), దాని కింద క్రిస్మస్ చెట్టులా పరుచుకున్న గీతలు చాలు.

ఆ గీతలు దేనికని అడిగాను. 800 గజాల్లో గుండు ఎంత కిందికి జారుతుందో చూసుకోవడానికట. థర్టీ-ఆట్-సిక్స్‌ని 200 గజాలకు గురి పెట్టుకుంటే 100 గజాల దగ్గర సుమారు 2 అంగుళాలు పైన తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు 8 అంగుళాల వెడల్పు. ఏ గీతా చూడకుండా, ఏ మీటా తిప్పకుండా కొట్టవచ్చన్నమాట. ఈ రహస్యం బయటికి పొక్కితే ఎన్ని కంపెనీలు మూతపడతాయో ఆలోచించండి. ఇక్కడితో ఆపేస్తున్నాను.

నా ప్రతిపాదన ఒక్కటే. రైఫిల్‌కి డ్రిల్లు పెట్టకుండా అలాగే బీరువాలో ఉంచండి. స్కోపునొక్కదాన్నే ట్రైపాడ్ మీద బిగించి బ్లైండ్‌లో పెట్టుకోండి. కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు, కనుబొమ పగలదు, ఊళ్లో నాన్నగారికి వీడియో కాల్‌లో ధైర్యంగా చూపించవచ్చు. దీన్ని మా మిత్రుడికి వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. దానికి వేరే స్కోపుంటుందని, స్పాటింగ్ స్కోపంటారని, అది కిందటి నెలే కొన్నానని అన్నాడు. ఇప్పుడు దాని ట్రైపాడ్‌కి కార్బన్ ఫైబరా, అల్యూమినియమా అన్నది తేలడం లేదట.