కుక్కనెందుకు చంపినారు? ‘దూత’ మొదటి ఎపిసోడ్ మీద కడప పంచాయితీ

‘దూత’ వచ్చి చాన్నాళ్లే అయింది. 2023 డిసెంబర్ 1న ఎనిమిది ఎపిసోడ్లూ ప్రైమ్ వీడియోలో ఒకేసారి వదిలారు, నాగచైతన్య మొదటి ఓటీటీ సిరీస్ అని అప్పట్లో హడావుడి కూడా బానే జరిగింది. అయినా మా కడపలో, ప్రొద్దుటూరులో ఇప్పటికీ ఎవరన్నా దాన్ని కొత్తగా మొదలుపెడితే చాలు, మొదటి ఎపిసోడ్ దగ్గరే పంచాయితీ పెడతారు. ఒకరు లాజిక్ యాడుంది బ్బా అంటారు, ఇంకొకరు పాపం ఆ కుక్కనెందుకు చంపినారు అంటారు, మూడోవాళ్లు ముందు ఆ వాన ఆపమను అంటారు. వినడానికి తలా ఒక మాట గానీ కాసేపు కూర్చుని వాళ్లని మాట్లాడనిస్తే అందరూ తిరిగి తిరిగి ఒక్కదాని కాడికే వస్తారు, దెయ్యమున్న క్రైమ్ కథలో శిక్ష ఎవరికి పడాల, ఏ లెక్కన పడాల అని.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. సాగర్ అనే జర్నలిస్టు, ఒక పెద్ద పేపర్‌కి చీఫ్ ఎడిటర్ అవుతాడు, ఫ్యామిలీతో కార్లో పోతా జోరువానలో దారిలో ఒక దాబా దగ్గర ఆగుతాడు, అక్కడ ఒక పేపర్ ముక్క కంటపడుతుంది, జరగబోయే యాక్సిడెంట్ అందులో ముందే ఉంటుంది. కాసేపటికి అట్లే జరుగుతుంది, పెంచుకున్న కుక్క చచ్చిపోతుంది. అక్కడి నుంచి ఇట్లాంటి పేపర్ ముక్కలు, వాటి వెంబడే చావులు, వాటి వెనకాల పోలీసులు. తర్వాతి ఎపిసోడ్ల సంగతి కొంచెం కింద చెప్తున్నా, చూద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఆ దాబా సీన్ మనవాళ్లకి ఎందుకు అంత పట్టేసిందో చెప్పడం కష్టమేం కాదు. బజ్జీల పొట్లం విప్పి, బజ్జీలు తినేసి, నూనె మరకల మధ్య మిగిలిన వార్త చదవని మనిషి మా వైపు ఉన్నాడా? అన్నం, టిఫిన్ న్యూస్ పేపర్లో కట్టొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా బండి మీద ఇచ్చేది అందులోనే. జిల్లా పేజీ సగం చిరిగి ఉంటుంది, హెడ్డింగ్ ఉంటే కింద మ్యాటర్ ఉండదు, ఎవరో పోయినారని తెలుస్తుంది గానీ ఏ ఊరో తెలీదు. అట్లాంటి ముక్కలో మన పేరే కనపడితే? ఈ భయానికి గ్రాఫిక్స్ ఖర్చు పైసా లేదు. డైరెక్టర్ విక్రమ్ కె కుమార్ 2009లోనే ‘13బి’లో ఇంట్లో టీవీకి ఇదే పని అప్పజెప్పాడు, కొత్త ఫ్లాట్‌లో సీరియల్ పెడితే ఆ ఇంట్లో జరగబోయేవే అందులో వస్తుంటాయి. రోజూ చేతిలో ఉండే వస్తువుని అనుమానంగా చూసేట్టు చెయ్యడం ఆయనకి బాగా తెలిసిన విద్య.

ఇక లాజిక్. ప్రొద్దుటూరులో మా ఫ్రెండ్ ఒకడున్నాడు, ఇంజనీరింగ్ అయ్యి బెంగళూరులో జాబ్ చేసి, వర్క్ ఫ్రమ్ హోమ్ అని వచ్చి ఊర్లోనే ఉండిపోయినాడు, వానికి పేపర్లో భవిష్యత్తు అచ్చవడం దగ్గర ప్రాబ్లమే లేదంట. "అది ఒప్పుకుంటా న్నా, కథ అదే గదా. కానీ సరిగ్గా ఆ దాబాలో, ఆ టైముకి, ఆ ముక్క ఆయనకే ఎట్ల దొరికింది? ఆయన బండి ఆపకుండా పోయుంటే?" అని వాని గొడవ. ఈ ప్రశ్నని తీసిపారెయ్యకూడదు. దెయ్యం ఉండొచ్చు, కానీ దానికి ఒక రూలుండాల, ఇది చెయ్యగలదు ఇది చెయ్యలేదు అని మనకి తెలియాల, లేకపోతే రైటర్‌కి ఇరుక్కుపోయినప్పుడల్లా దెయ్యం వచ్చి తలుపు తీస్తుంది. మామూలు క్రైమ్ సిరీస్‌లో హంతకుడు ఒకే టైములో రెండు ఊర్లలో ఉంటే ఊరుకుంటామా, దెయ్యానికి మాత్రం ఎందుకు ఊరుకోవాల?

ఇక్కడ కడప, కర్నూలు వాళ్లకి ఇంకో చిక్కుంది. ముందే రాసిపెట్టడం అంటే మాకు కొత్త కాదు సామీ. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువులు కాస్తా రవ్వలకొండ గుహలో తాటాకుల మీద కాలజ్ఞానం రాశాడని, దాన్ని చింతచెట్టు కింద పాతిపెట్టాడని చెప్తారు, మా జిల్లాలో బ్రహ్మంగారి మఠం అడ్రస్ తెలియనోళ్లు లేరు. మా పిన్నమ్మ ఈ ఎపిసోడ్ చూసి మొదట అన్నమాట, "ఇంతేనా, బ్రహ్మంగారు చెప్పనిదా?" అని. కానీ కాస్త ఆగి చూస్తే రెంటికీ పొంతనే లేదు. కాలజ్ఞానం వాక్యానికి తేదీ ఉండదు, మనిషి పేరు ఉండదు, అది వదులుగా ఉంటుంది, జరిగినాక మనమే తెచ్చి బిగిస్తాం. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈశాన్యాన విషగాలి, కోరంకి జబ్బు, కోటిమంది అనే పద్యం ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో గుర్తుందా, అంతకు ముందు సంవత్సరం ఆ పద్యం ఎవరికి పట్టింది? దూతలో పేపర్ ముక్క అట్ల కాదు, నీ పేరు మీద, నీ కారు మీద, ఇంకాసేపట్లోనే అంటుంది. ముందుది మనల్ని జాగ్రత్తగా బతకమంటుంది, రెండోది జాగ్రత్త పడే టైము కూడా ఇవ్వదు. అందుకే పిన్నమ్మకి కాలజ్ఞానం వింటే భక్తి, ఈ ఎపిసోడ్ చూస్తే కోపం. తప్పించుకునే దారి చూపించనప్పుడు ముందుగా చెప్పడం దేనికి అని ఆమె అడుగుతాంది, నా దగ్గరైతే జవాబు లేదు, ఆ ఎపిసోడ్ దగ్గర కూడా లేదు.

ఆమె కోపం అసలు కుక్క దగ్గర. "తప్పు చేసినోడుంటే వాన్ని పట్టుకో, నోరులేని కుక్క ఏం చేసింది?" మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి సాగర్ చేసిన తప్పేందో మనకి సరిగ్గా తెలీదు, మంచోడిలాగే ఉంటాడు, ఆయనకేం కాదు గానీ పక్కనున్న జీవి పోతుంది. చాలామంది దీన్ని ఏడిపించడానికి వేసిన చీప్ ట్రిక్ అన్నారు. నేను ఒప్పుకోను. ఈ ఎపిసోడ్‌లో దెయ్యానికున్న ఒకే ఒక్క రూలు అక్కడే బయటపడింది, నీ తప్పుకి దెబ్బ నీ మీద పడదు, నీవాళ్ల మీద పడుతుంది అని.

ఇది మనకి తెలియని రూలేం కాదు కదా. ప్రమాణం అంటే ఏంది మరి? "నా బిడ్డల మీద ఒట్టు" అన్నామంటే, నేను అబద్ధం చెప్తే దేవుడు నన్ను కాదు నా బిడ్డల్ని పట్టుకోవాల అని మనమే నోటితో రాసిస్తున్నట్టు. పోయినేడాది మా వీధిలో చీటీ డబ్బుల గొడవ. చీటీ నడిపే ఆమె డబ్బులు ఇచ్చేశానంటుంది, పాడుకున్నామె రాలేదంటుంది, మాటా మాటా పెరిగి చీటీ ఆమె పక్కనే గడప మీద కూర్చుని ఉగ్గాని తింటున్న కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యబోయింది. లోపల్నుంచి వాళ్ల అత్త ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి తీసి అవతలకి కొట్టింది. "నీ లెక్కలు నీ తల మీద ఏసుకో, పిల్లోని జోలికి రావాకు" అని. పిల్లోడు తినడం కూడా ఆపలేదు. పంచాయితీ అక్కడితో తేలిపోయింది, ఎవరు అబద్ధం చెప్తున్నారో ఆ ముసలామె చెయ్యే చెప్పేసింది. కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం అని మా రాజకీయ నాయకులు ఒకరికొకరు సవాళ్లు విసురుకుంటా ఉంటారు గానీ, వాళ్లలో ఎంతమందిని ఇంట్లో పెద్దోళ్లు పోనిస్తారో నాకు అనుమానమే.

కాబట్టి కుక్క చావు అన్యాయమా అంటే అన్యాయమే, అది అన్యాయంగా ఉండాలనే అక్కడ పెట్టారు. ఆ అన్యాయానికి కోపమొచ్చినోళ్లే ఆ ఎపిసోడ్‌ని సరిగ్గా చూసినట్టు, లాజిక్ లేదని నవ్వుకున్నోళ్లు పైపైన చూసినట్టు. కాకపోతే ఈ రూలుని తర్వాత సిరీస్ ఎట్లా వాడుకుందో చూస్తే నాకూ కొంత నిరాశే. పోయేవాళ్లలో పేపర్ వాళ్లు, వాళ్ల పాత పాపాలు, కలాన్ని అమ్ముకోవడం, ఇవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తుంటే మనకి హమ్మయ్య అనిపించడం మొదలవుతుంది, ఓహో వీడికి ఇది జరగాల్సిందేలే అని. మొదటి ఎపిసోడ్‌లో ఆ సుఖం లేదు. అదే దాని బలం.

వాన గురించి ఎక్కువ చెప్పను. అనంతపురం మా చుట్టాలు, ఎనిమిది ఎపిసోడ్లలో పడిన వాన మా జిల్లాకి పదేళ్లకి సరిపోతుంది అని జోకులేస్తారు, ఏడాదికి ఐదువందల యాభై మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే జిల్లా అది. రాజంపేట వైపు వాళ్లు మాత్రం ఆ జోకుకి నవ్వరు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊర్ల మీద పడినాక, రాత్రిపూట కారు అద్దాల మీద వాన శబ్దం వాళ్లకి వేరేగా వినపడుతుంది. అదే సీన్, రెండు ఊర్లు.

పోలీసుల సంగతే నాకు ఎక్కువ నచ్చిన చర్చ. మాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ సిరీస్ మొత్తం చూశాడు, పార్వతి తిరువోతు చేసిన డీసీపీ క్రాంతి కోసమే చూశానంటాడు. ఆయన పాయింట్ చాలా సింపుల్. అనుమానంగా ఎవరన్నా పోతే పాత సీఆర్‌పీసీ చట్టంలో 174 సెక్షన్ కింద కేసు కట్టేవాళ్లు, ఇప్పుడు కొత్త చట్టంలో (బీఎన్ఎస్ఎస్) ఆ నెంబరు మారి 194 అయింది, పంచనామా రాస్తారు, పోస్టుమార్టం చేయిస్తారు, చావుకి కారణం అనే చోట దెయ్యం అని రాసే వీల్లేదు. "ఊరంతా అమ్మోరు పట్టింది అన్నా, మేము తాడు ఏడుంది, మందు డబ్బా ఏడుంది అని ఎతకాల్సిందే" అంటాడు. 2019 జూలైలో తనకల్లు మండలం కొర్తికోట శివాలయంలో ముగ్గుర్ని గొంతు కోసి చంపినప్పుడు, అది అప్పట్లో అనంతపురం జిల్లా, తెల్లారేసరికి నరబలి, గుప్తనిధులు అని ఊర్లకి ఊర్లే మాట్లాడినాయి. పోలీసులకి మాత్రం అది మూడు హత్యలు. మా వైపు పాత గుళ్లల్లో నిధుల కోసం తవ్వకాలు, ముగ్గులు, నిమ్మకాయలు, కోళ్లు, ఇవి జిల్లా పేజీలో వస్తానే ఉంటాయి. అతీంద్రియం, నేరం అనే రెండూ కలిస్తే ఎట్లుంటాదో చూడ్డానికి మాకు ఓటీటీ అక్కర్లేదు. అక్కడ పూజ ఎంత పెద్దగా చేసినా గుంత తవ్వేది మనిషే, కత్తి పట్టేది మనిషే.

అందుకే ఆ హెడ్ కానిస్టేబుల్ మార్కులన్నీ మొదటి ఎపిసోడ్‌కే వేస్తాడు, నేనూ అంతే. ఆ గంటలోపు ఎవడో కావాలని ఆ ముక్క అచ్చేయించి దాబాలో పెట్టి ఉండొచ్చనే అనుమానానికి ఇంకా చోటుంది, రోడ్డు తడిగా ఉంది, డ్రైవింగ్ చేసేవాడి మనసు చెదిరింది, చదివిన భయంతోనే యాక్సిడెంట్ అయ్యుండొచ్చు కూడా. దర్యాప్తు చేసేవాళ్లకి చెయ్యడానికి పనుంది, చూసేవాళ్లకి ఊహించడానికి పనుంది. సిరీస్ ముందుకి పోయే కొద్దీ ఆ పని దెయ్యం చేతికి పోతుంది, క్రాంతి లాంటి మంచి క్యారెక్టర్ జరిగినదాని వెనకాల పరిగెత్తడమే తప్ప ముందు పోయి ఆపే అవకాశం తగ్గిపోతుంది. రెండో సీజన్ ఎప్పుడన్నా తీస్తే మా ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెప్పాల, బండి ఆపకుండా పోయుంటే ఏమయ్యేది అని.