ఎమ్మెల్యే లెటర్ ఉంటే బ్యాంకు లోన్ ఇచ్చి తీరాలా? ఆ ఫార్వర్డుకు ఒక్కో ముక్కగా జవాబు

అమలాపురం నుంచి నరసాపురం దాకా వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నియోజకవర్గం మారినప్పుడల్లా ఎమ్మెల్యే పేరూ ఫొటో మారతాయి, తతిమ్మాదంతా మక్కీకి మక్కీ. అందులో ఉన్నది ఇదీ:

"చిన్న వ్యాపారులకు శుభవార్త! ఎమ్మెల్యే గారి సిఫారసు లెటర్ చూపిస్తే బ్యాంకు లోన్ ఇచ్చి తీరాలి. 35 శాతం సబ్సిడీ ఎమ్మెల్యే గారి కోటాలోంచి మీ చేతికే. చేతివృత్తులవాళ్లందరికీ 15 వేల కిట్టు. పూతరేకులకూ లేసుకూ జీఐ తెచ్చింది మన నాయకులే, ఆ ముద్ర ఇక అందరూ వేసుకోవచ్చు. ఎంపీ నిధుల నుంచి షాపులకు సాయం. ఫారం కోసం ఈ నంబరుకు 2 వేలు పంపండి."

ఇదంతా గాలి పోగేసి రాసింది కాదు. 35 శాతం నిజం, 15 వేలు నిజం, జీఐ (ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) నిజం. ఎక్కడెక్కడి పథకాల అంకెలనో ఏరి తెచ్చి, అన్నిటికీ ఒకే ఫొటో అతికించారు. చదువుకున్నవాళ్లు కూడా నమ్మడానికి కారణం అదే. దీనివల్ల రెండు నష్టాలు. దరఖాస్తుదారుడు తప్పు గుమ్మం ముందు నిలబడి కాలం పోగొట్టుకుంటాడు. ఎమ్మెల్యే నిజంగా చేయించగలిగిన పని అడిగే నాథుడుండడు.

"లెటర్ చూపిస్తే లోన్ ఇచ్చి తీరాలి"

లోన్ ఫైల్లో సిఫారసు లెటర్‌కు గడి లేదు. మేనేజరు చూసేవి సిబిల్ స్కోరు (పాత అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కు), ఖాతా లావాదేవీలు, ప్రాజెక్టు రిపోర్టు, మిషన్ల కొటేషన్లు, స్థలం కాగితాలు. వీటిలో ఒకటి తేడా వస్తే ఎవరి లెటర్‌హెడ్ తెచ్చినా ఫైలు కదలదు. గోదావరి డెల్టాలో ఎక్కువగా తేడా వచ్చేవి ఇవీ.

మొదటిది షెడ్డు కాగితం. కొబ్బరి పీచు తీసే మిషన్‌కు షెడ్డు, పూతరేకుల పొయ్యిలకు పాక చాలామందికి అద్దెవే, ఒప్పందం 11 నెలలకు రాసుకున్నదే. లోనేమో ఐదేళ్లకు అడుగుతారు. పన్నెండో నెలలో మిషన్ ఎక్కడుంటుందని బ్యాంకు అడిగితే చెప్పేదేముంది? ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలని చట్టమే చెబుతోంది. లోన్ కాలానికి సరిపడా రిజిస్టర్డ్ లీజు ముందు చేయించుకుని, ఆ తర్వాతే బ్యాంకు మెట్లెక్కాలి.

రెండోది నగదు. కొబ్బరికాయలు, అరటి గెలలు, చేపలు, అన్నీ చేతి నుంచి చేతికే. ఏడాదికి ఎంత తిప్పినా ఖాతాలో మాత్రం గ్యాస్ సబ్సిడీ తప్ప ఏమీ కనబడదు. లోన్ అడగబోయే ముందు కనీసం ఆరు నెలలు అమ్మకం డబ్బు ఖాతాలోంచి నడవాలి.

మూడోది పంట రుణం. రెన్యువల్ చేయించకుండా వదిలేసిన క్రాప్ లోన్, బావమరిది కట్టకుండా వదిలేసిన ట్రాక్టరు లోనుకు పెట్టిన హామీ సంతకం, రెండూ సిబిల్‌లో మన పేరు మీదే బకాయిగా కూర్చుంటాయి. "నేనెప్పుడూ ఎగ్గొట్టలేదండీ" అని ప్రమాణం చేసినవాళ్ల ఫైళ్లు ఆగేది చాలావరకు ఇక్కడే.

ఇక ప్రాజెక్టు రిపోర్టు. జెరాక్స్ షాపులో పేరు మార్చి ఇచ్చే రిపోర్టులో మోటారు ఒక హార్స్‌పవరు, కొటేషన్‌లో ఇంకొకటి, కరెంటు లోడు మూడోది. ఈ మూడూ కలవకపోతే ఫైలు వెనక్కొస్తుంది, అందులో మేనేజరు తప్పేమీ లేదు.

లెటర్‌తో పనిలేకుండా దక్కే హక్కు ఒకటి ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు (2026 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చేవాటికి 20 లక్షల వరకు) లోన్‌కు ఆస్తి తాకట్టు అడగకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. లోన్ మునిగితే బ్యాంకు నష్టానికి హామీగా ప్రభుత్వ గ్యారంటీ ట్రస్టు ఉంది. తాకట్టు అడిగితే ఆ మాట రాసిమ్మనండి. ఇవ్వకపోతే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు పెట్టి 30 రోజులు ఆగి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, పైసా ఖర్చు లేదు. అయితే "ఈ వ్యాపారం నడవదు, లోన్ ఇవ్వం" అని బ్యాంకు తన లెక్క ప్రకారం తీసుకున్న నిర్ణయంలో అంబుడ్స్‌మన్ కూడా వేలు పెట్టడు. ఆయనకే లేని అధికారం ఎమ్మెల్యేకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరి బ్యాంకుల దగ్గర ఎమ్మెల్యే మాట ఎక్కడా చెల్లదా అంటే, ఒకచోట చెల్లుతుంది. జిల్లాలోని బ్యాంకులన్నిటినీ ఒక బ్యాంకు సమన్వయం చేసే లీడ్ బ్యాంకు పథకం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి సమీక్షా కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. దానికి ఎంపీలనూ ఎమ్మెల్యేలనూ పిలవాలి. ఏ బ్రాంచిలో ఎన్ని దరఖాస్తులు ఎన్ని నెలలుగా పడి ఉన్నాయో అక్కడ అంకెలతో నిలదీయవచ్చు. కాబట్టి ఆయన దగ్గరికి పట్టుకెళ్లాల్సింది ఒక్కడి పేరున్న లెటర్ కాదు. మండలం మొత్తం మీద ఆగిపోయిన దరఖాస్తుల జాబితా, ఒక్కోదానికి నంబరు, ఇచ్చిన తేదీ, బ్రాంచి పేరు. అసోసియేషన్ ఉన్న ఊళ్లో ఇది ఒక పూట పని.

"35 శాతం సబ్సిడీ ఎమ్మెల్యే కోటాలోంచి, చేతికే"

అసలు ఈ సబ్సిడీల్లో ఎమ్మెల్యే కోటా అన్నదే లేదు. ఈ 35 శాతం రెండు కేంద్ర పథకాల్లో కనిపిస్తుంది, మెసేజ్ రాసినాయన రెంటినీ కలిపేశాడు.

ఒకటి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దాన్ని చూసేది ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం, కొబ్బరి పీచు యూనిట్లయితే కాయిర్ బోర్డు. దరఖాస్తులు వడపోయడానికి ఒకప్పుడు కలెక్టరు కమిటీ ఉండేది. 2020లో దాన్ని కూడా తీసేసి ఫైలును నేరుగా బ్యాంకుకే పంపుతున్నారు. కలెక్టరుకే లేని పాత్ర మెసేజ్‌లో ఎమ్మెల్యేకు దక్కింది.

2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు ఉండొచ్చు. 35 శాతం అందరికీ కాదు. పల్లెలో పెట్టే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగులు, మాజీ సైనికులు వంటివారికి 35. మిగతావారికి 25. పట్టణంలో అయితే ఇవే 25, 15 అవుతాయి. పల్లె అని చూపించడానికి గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం జతచేయాలి, చాలామంది మరిచేది ఈ కాగితాన్నే.

"చేతికే" అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అంబాజీపేట పక్క ఊళ్లో ఒక మహిళ 10 లక్షల పీచు యూనిట్ పెట్టిందనుకుందాం. ఆవిడ సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 50 వేలు. బ్యాంకు ఇచ్చేది 9.5 లక్షలు. సబ్సిడీ 3.5 లక్షలు వచ్చి అదే బ్యాంకులో ఆవిడ పేరున మూడేళ్ల డిపాజిట్‌గా కూర్చుంటుంది. దానికి వడ్డీ రాదు, అంతమేరకు లోన్ మీద వడ్డీ పడదు. అంటే వడ్డీ కట్టేది 6 లక్షల మీదే. మూడేళ్లయ్యాక తనిఖీకి వచ్చి, యూనిట్ నడుస్తుంటేనే ఆ డబ్బు లోన్‌కు జమచేస్తారు. ఒక్క రూపాయి చేతికి రాదు.

ఆ మూడేళ్లలో పీచువాళ్లు దెబ్బతినే చోటు ఒకటుంది. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు, కూలీ వంటి రోజువారీ ఖర్చుల పెట్టుబడి) కోసం ఇచ్చిన సీసీ, అంటే క్యాష్ క్రెడిట్ పరిమితిని ఒక్కసారైనా నూటికి నూరు పాళ్లూ వాడి ఉండాలి, మొత్తం మీద వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ దామాషాలో సబ్సిడీ కోస్తారు. కోనసీమ వానల్లో పీచు ఆరదు, యార్డు ఖాళీగా ఉంటుంది, సీసీ ఖాతా నిద్రపోతుంది. ఆ నెలలను లెక్కలోకి తీసుకోకుండా రిపోర్టులో వర్కింగ్ క్యాపిటల్ ఉబ్బించి రాయిస్తే, చివర్లో కోత పడేది అక్కడే. స్థలం ఖరీదును కూడా ప్రాజెక్టు ఖర్చులో కలపకూడదు.

ఈ 35 శాతం కొత్త యూనిట్లకే. ఇప్పటికే పూతరేకులు చేసి అమ్ముతున్నవాళ్లు ఇందులో పెడితే తిరిగొస్తుంది. వాళ్లకు తగినది రెండోది, సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల పథకం, పీఎంఎఫ్ఎంఈ. అక్కడ నడుస్తున్న యూనిట్‌కూ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, సొంత వాటా 10 శాతం. ఇక్కడా సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే. ఆహారం చేసే డ్వాక్రా సంఘాల సభ్యులకు తలా 40 వేల వరకు సీడ్ క్యాపిటల్, అంటే తొలి పెట్టుబడి ఉంది, అదీ సమాఖ్య ద్వారానే.

"చేతివృత్తులవాళ్లందరికీ 15 వేల కిట్టు"

ఇది 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ. "అందరికీ" కాదు, 18 వృత్తులకు. మన వైపువాళ్లకు పనికొచ్చేవి అందులో చాలా ఉన్నాయి: పడవలు కట్టేవారు, వలలు అల్లేవారు, బుట్టలు, చాపలు, చీపుళ్లు చేసేవారు, కొబ్బరి పీచు నేసేవారు, కుమ్మరులు, దర్జీలు. లేసు అల్లిక మాత్రం ఆ జాబితాలో లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లు ఈ మెసేజ్ పట్టుకుని మీసేవల చుట్టూ తిరగనక్కర్లేదు.

దరఖాస్తు పెట్టేది కామన్ సర్వీస్ సెంటర్, అంటే సీఎస్‌సీలో. మొదటి దశ పరిశీలన పల్లెలో పంచాయతీది, పట్టణంలో మున్సిపాలిటీది. తర్వాత జిల్లా కమిటీ, ఆపైన స్క్రీనింగ్ కమిటీ. మీ ఫైలు నెలల తరబడి కదలకపోతే ముందు అడగాల్సింది సర్పంచి గారిని, ఎమ్మెల్యే గారిని కాదు. శిక్షణ రోజుకు 500 ఇస్తారు, కిట్టు డబ్బు ఈ-వోచరుగా వస్తుంది. లోన్ మొదట లక్ష, అది తీరిస్తే 2 లక్షలు, వడ్డీ 5 శాతం. ఇంటికి ఒక్కరే.

"జీఐ మన నాయకులే తెచ్చారు, ముద్ర అందరూ వేసుకోవచ్చు"

1999 నాటి జీఐ చట్టం ప్రకారం దరఖాస్తు పెట్టాల్సింది ఉత్పత్తిదారుల సంఘమో, చట్టం కింద ఏర్పడ్డ సంస్థో. ఎమ్మెల్యే తన పేరున పెట్టడానికి వీల్లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ వచ్చింది. పెట్టింది సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ఉన్న అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం, కాగితాల పనిలో సాయపడింది విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం. నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. మధ్యలో నాయకులు మాటసాయం చేసి ఉండొచ్చు, సన్మానాలూ చేయించుకోవచ్చు. తెచ్చింది మాత్రం పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లూ సూది పట్టినవాళ్లూ.

ముద్ర సంగతికొస్తే, సంఘం పేరున నమోదైనంత మాత్రాన ప్రతి దుకాణానికీ హక్కు రాదు. తయారీదారు ఎవరికివారు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. ఆ ప్రాంతంలోనే, ఆ పద్ధతిలోనే చేస్తున్నట్టు రుజువు చూపాలి. అది లేకుండా పెట్టె మీద జీఐ లోగో అచ్చు వేసుకోమని చెబితే సాయం చేసినట్టు కాదు, కేసులో ఇరికించినట్టు. నమోదు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కూడా.

"ఎంపీ నిధుల నుంచి షాపులకు సాయం"

ఎంపీకి ఏడాదికి 5 కోట్ల స్థానికాభివృద్ధి నిధి ఉన్న మాట నిజం. ఆయన పని సూచిస్తారు, చేయించేది జిల్లా యంత్రాంగం. అది ప్రజలందరూ వాడుకునే ఆస్తికే. ప్రైవేటు వ్యాపారానికి గ్రాంటుగానో అప్పుగానో ఇవ్వడం నిషిద్ధం.

"ఫారం కోసం 2 వేలు"

పైన చెప్పిన కేంద్ర పథకాల్లో దేనికీ ఏజెంటు లేడు. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అయిపోతుంది. డబ్బు పంపేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ చదివి, అయితే ఎమ్మెల్యే షాపుల ప్రారంభోత్సవాలకూ వర్తక సంఘం సమావేశాలకూ రావడం దండగ అని కొందరంటున్నారు. అదీ సరికాదు. రిబ్బన్ కత్తిరించిన పది నిమిషాలకు విలువ లేకపోవచ్చు, ఆ తర్వాత కాఫీ తాగే పావుగంటకు ఉంది. ఆ పావుగంటలో లోన్ లెటర్ అడిగితే వృథా. ఏ ఒక్కడూ సొంత డబ్బుతో చేయించుకోలేనివి అడగాలి: రావులపాలెం వైపు గెలల లారీలు దిగబడే లింకు రోడ్డు, త్రీఫేజ్ కరెంటు నిలవని ఫీడరు, గుర్రపుడెక్క పట్టి పొంగే మురుగు కోడు. కోడు పొంగితే పీచు యార్డూ మునుగుతుంది, నర్సరీ మొక్కల సంచులూ మునుగుతాయి, అప్పుడు ఏ సబ్సిడీ ఆదుకోదు.

దీనికి కాలం ఒకటుంది. పూడికతీత, లాకుల మరమ్మతు జరిగేది వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే, ఆ వ్యవధి కొద్ది వారాలు. ఆలోపు అంచనాలు, మంజూరు, టెండరు పూర్తికావాలి. కాలువలు ఎప్పుడు కట్టాలో ఎప్పుడు వదలాలో తేల్చే నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఎమ్మెల్యేలు కూర్చుంటారు. కాబట్టి సంక్రాంతి దాటకుండా కోడు పేరు, పూడిన చోటు, ఎన్ని మీటర్లు, కిందటి వానల్లో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో ఒక కాగితం మీద రాసి, సంఘం తరఫున పది సంతకాలతో ఇవ్వండి. ఒక నకలు డ్రెయిన్స్ విభాగం ఇంజనీరుకూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.