బ్యాండుకు బయానా ఇచ్చే ముందు

మాఘమాసం వచ్చింది. నల్లగొండ నుంచి నారాయణపేట దాకా ఏ ఊళ్ళోనైనా పెండ్లి ఉందంటే మబ్బుల్నే ఒక చప్పుడు వినబడాలి. పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు, ఆ వెంటనే క్లారినెట్ ఎత్తుకునే మొదటి పలుకు. ఐరేని కుండలు తేవడానికి ఆడవాళ్ళు కుమ్మరి ఇంటికి కదిలారని ఊరికి తెలిసేది దానితోనే. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ వేళకు డీసీఎం లారీ మీద కట్టిన సౌండు బాక్సులు గోడలు అదరగొడుతున్నాయి. బ్యాండు మేళాన్ని ఇంకా పిలుస్తున్నవాళ్ళు కూడా బరాత్‌కు గంటసేపు చాలంటున్నారు. ఆ గంటకూ గీచి గీచి బేరం చేస్తున్నారు.

బ్యాండు వాయించడం ఏళ్ళకేళ్ళు కూర్చుని నేర్చుకున్న పని. ఇల్లు కట్టే మేస్త్రీతో, బోరు వేసేవాళ్ళతో ఎంత వివరంగా మాట్లాడుకుంటామో ఈ పనికీ అంత వివరంగా మాట్లాడుకోవాలన్నది మా అభిప్రాయం. అలా మాట్లాడాలంటే ముందు ఆ పనిలో ఏముందో తెలియాలి.

ఊరి బ్యాండు సెట్టంటే ఎనిమిది నుంచి పన్నెండు మంది. పదిమంది ఉంటే కూర్పు ఇలా కుదురుతుంది: క్లారినెట్లు రెండు, ట్రంపెట్లు మూడు, యుఫోనియం ఒకటి, సైడ్ డ్రమ్ములు రెండు, పెద్ద డ్రమ్ము ఒకటి, ఇత్తడి తాళాలు ఒక జత. పాటను నడిపేది క్లారినెట్. సన్నాయి మేళం దొరకని ఊళ్ళో మంగళసూత్రం కట్టే వేళ గట్టిమేళమూ దానిదే. ట్రంపెట్లు చరణం చివర అందుకుని పల్లవిని పైకెత్తుతాయి. యుఫోనియం గొట్టం పొడవు ట్రంపెట్‌కు రెట్టింపు కాబట్టి ఒక స్థాయి కింద పలుకుతుంది. ఆ మంద్రం లేకపోతే పాట గాలిలో తేలిపోతుంది. ఖర్చు తగ్గించమంటే మేళాలు మొదట తీసేసేది దాన్నే, విన్నవాళ్ళు 'ఈసారి బ్యాండు పలుచగా ఉంది' అనేదీ అందుకే.

పల్టన్ల, అంటే సైనిక దళాల, బ్యాండ్ల నుంచి వచ్చిన వాయిద్యాలివి. స్వరం మార్చడానికి వేలితో నొక్కే పిస్టన్‌ను ఇప్పటి రూపంలో 1839లో పారిస్‌లో పెరినే అనే పనివాడు రూపొందించాడు. మన ఊళ్ళలో కనిపించే ఇత్తడి సామాను ఎక్కువగా మీరట్‌లోని జలీ కోఠీ బజారులో తయారై వచ్చినదే. సామాను ఎక్కడిదైనా దాన్ని మనది చేసినవాళ్ళు మన ఊరి మంగళ్ళు, మాదిగలు, ముస్లింలు. సన్నాయి మీది సరళీ స్వరాలనూ డప్పు మీది దెబ్బనూ మార్ఫా వాయిద్యాల తీన్‌మార్ దరువునూ ఈ గొట్టాల్లోకి, ఈ డ్రమ్ముల మీదికి ఎక్కించినవాళ్ళు వాళ్ళే.

ట్రంపెట్‌కు ఉన్నవి మూడే పిస్టన్లు. అన్ని పాటలూ వాటితోనే ఎలా పలుకుతాయని పెండ్లికి వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. ఏ పిస్టనూ నొక్కకుండా పెదవుల బిగువు మార్చినంత మాత్రాన స, ప, పై స, పై గ, పై ప పలుకుతాయి. రెండో పిస్టన్ నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర. శంకరాభరణం ఎక్కాలంటే వేళ్ళు ఇలా నడవాలి: స వదిలి, రి ఒకటీ మూడూ, గ ఒకటీ రెండూ, మ ఒకటి, ప వదిలి, ద ఒకటీ రెండూ, ని రెండు, పై స మళ్ళీ వదిలి. గకూ దకూ వేళ్ళు ఒక్కటే, తేడా అంతా పెదవిలో ఉంది. ఒకటీ మూడూ కలిపి నొక్కితే రి సహజంగానే కాస్త పైకి పోతుంది, మూడో పిస్టన్ గొట్టాన్ని వేలితో కొద్దిగా బయటకు తోసి దించాలి. ఈ సంగతి చెప్పే గురువు దగ్గర కూర్చోని పిల్లవాడి రి జీవితాంతం కీచుగానే ఉంటుంది.

అందుకే మంచి మాస్టర్లు కొత్తవాడి చేతికి మొదట ట్రంపెట్ ఇవ్వరు. నోటికి ఆనించే ముక్క ఒక్కటే ఇస్తారు. పెదవులు రెండూ తుమ్మెదలా రొద చేసేదాకా దానితోనే సాధన. తర్వాత ఒకే స్వరాన్ని గుండె నిండా గాలి తీసి వణకకుండా నిలపడం. పాట ఆ తర్వాతి మాట. ఇప్పుడు ఫోనులో పాట విని నాలుగు రోజుల్లో సీజనులోకి దిగుతున్న కుర్రవాళ్ళు పై స్వరాల కోసం ముక్కను పళ్ళకేసి అదుముతారు. సాయంత్రానికి పెదవి వాచి, బరాత్ వేళకు పై స అందదు. అప్పుడు ఇంకా గట్టిగా అదుముతారు. రెండు సీజన్లలో పెదవి మొద్దుబారుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఎండ. ఇరవై డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు పోయే శబ్దం నలభై డిగ్రీల దగ్గర 355 మీటర్లు పోతుంది. గొట్టంలో గాలి వేడెక్కిన కొద్దీ శ్రుతి పెరుగుతుంది. వైశాఖం ఎండలో ఎదురుకోళ్ళకు ఊరి బయట గంటసేపు నిలబెడితే ట్రంపెట్లు ఒక దారి, క్లారినెట్లు ఒక దారి పడతాయి. బండి మీద పెట్టుకొచ్చిన కీబోర్డు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది, దానితో ఏదీ కలవదు. తెలిసిన మాస్టర్ అయితే పాటకూ పాటకూ నడుమ ట్రంపెట్ ట్యూనింగ్ గొట్టాన్ని లాగిస్తాడు. అది వంపు గొట్టం కాబట్టి ఒక సెంటీమీటరు లాగితే గాలి దారి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది, శ్రుతి సుమారు అర మెట్టులో పావు వంతు దిగుతుంది. క్లారినెట్‌కైతే నోటి ముక్క కింద ఉన్న పొట్టి భాగాన్ని ఒక మిల్లీమీటరు వదులు చేస్తాడు. అక్కడా ఎక్కువ లాగితే గొంతు దగ్గరి స్వరాలే దిగి, కిందివి అట్లనే ఉండిపోతాయి. ఈ సర్దుబాటుకు రెండు నిమిషాలు నీడ కావాలి. 'ఆపకుండా వాయించండి' అని వెనక నుంచి అరిచే పెండ్లి పెద్ద ఆ రెండు నిమిషాలు ఇవ్వడు. అపస్వరం వచ్చాక తిట్టేదీ ఆయనే.

చలికాలం చిక్కు వేరు. పిస్టన్లలో కొబ్బరినూనె పోసే అలవాటు చాలా సెట్లలో ఉంది. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దిగువకు వస్తే గడ్డకడుతుంది. మార్గశిరం, మాఘం తెల్లవారుజామున పిస్టన్ నొక్కితే పైకి లేవకపోవడానికి కారణం అదే. కుట్టుమిషన్‌కు వేసే పలుచని నూనె రెండు మూడు చుక్కలు చాలు, పిస్టన్లకని అమ్మే నూనె దొరికితే మరీ మంచిది. చాయ్, తీపి సోడా తాగి నోరు పుక్కిలించకుండా ఊదితే ఆ చక్కెర ఉమ్మితో కలిసి లోపల బంకవుతుంది. సీజనులో వారానికొకసారి పిస్టన్లు తీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తుడవాలి. తిరిగి పెట్టేటప్పుడు పిస్టన్ మీద చెక్కిన అంకె చూసుకోవాలి. ఒకటో దాని స్థానంలో మూడోది పెడితే గాలి పోదు, వాయిద్యం చెడిపోయిందని కంగారు పడతారు. మెరుపు కోసం చింతపండుతో తోమడం మన ఇండ్లలోని బిందెలకు నేర్చుకున్న పద్ధతి. బయటి గొట్టానికి ఫరవాలేదు గానీ పులుపు పిస్టన్ సందుల్లోకి దిగనివ్వకూడదు, తోమిన వెంటనే మంచినీళ్ళతో కడగాలి.

క్లారినెట్ ఇంకా సుకుమారం. రెల్లు జాతి మొక్క నుంచి చీల్చి తీసిన సన్నటి రీడు దానికి ప్రాణం. వాయించే ముందు నాలుగైదు నిమిషాలు నోట్లో నానబెట్టి, దాని కొస నోటి ముక్క కొసతో సరిసమానంగా ఉండేలా బిగించాలి. వెంట్రుకవాసి పైకి జరిగితే బిగుసుకుంటుంది, కిందికి జరిగితే కీచుమంటుంది. ఎండలో ఆరనిచ్చిన రీడు చీలుతుంది, అందుకే గాజు పలక మీద పరిచి డబ్బాలో పెట్టుకుంటారు, సీజనుకు నాలుగైదు సిద్ధంగా ఉంచుకుంటారు. రంధ్రాలను మూసే మెత్తల్లో ఒక్కటి నలిగినా దాని దిగువ స్వరాలన్నీ గాలిపాలు. కీళ్ళ దగ్గర బెండు అరిగిపోతే దారం చుట్టి మైనం రాసి నెట్టుకొస్తారు.

నెట్టుకురావడమని ఎందుకంటున్నామంటే, మన ఊళ్ళకు దగ్గరలో ఇత్తడి వాయిద్యాలు బాగుచేసేవాళ్ళు దొరకడం గగనమైంది. సొట్టపడితే, అతుకు విడిస్తే హైదరాబాద్ పోవాలి. లగ్గాల నడుమ రెండు రోజులు పోయి రావడానికి వీలుండదు కాబట్టి చేతికందిన లక్క, ఎం-సీల్ పెట్టి అతుకుతారు. అతుకు దగ్గర గాలి కారే ట్రంపెట్‌ను మామూలు పలుకు పలికించడానికి రెట్టింపు ఊపిరి కావాలి. ఆ భారమంతా మనిషి మీద పడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐలలో అతుకు వేయడం, రేకు సాపు చేయడం నేర్చుకుంటున్న పిల్లలున్నారు. వాళ్ళకు నెల రోజుల పాటు వాయిద్యాల మరమ్మతు నేర్పించి, జిల్లాకొక బల్ల వేసి కూర్చోబెడితే చాలు. ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు. ఇదీ మేము అడుగుతున్న మొదటి సంగతి.

రెండోది, నేర్పు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, వీటికి తోడు మూఢాలు. ఈ నెలల్లో పెండ్లిళ్ళుండవు, మేళానికి పైసలుండవు. పీర్ల పండుగ, బోనాలు, వినాయక నిమజ్జనం, కార్తీకంలో కురుమూర్తి స్వామి ఉద్దాల (పాదుకల) ఊరేగింపు కొంత ఆదుకుంటాయి. మిగతా రోజుల్లో కూలికి పోతారు, పాలమూరు మనుషులైతే బొంబాయి, పుణె దాకా వలస పోతారు. సాధన ఆగిపోయేది అప్పుడే. ఆ ఖాళీ నెలల్లోనే గురుకుల పాఠశాలల్లో కవాతు బ్యాండు నేర్పడానికి ఊరి మాస్టర్లను గౌరవ వేతనంతో పిలవాలి. ఆగస్టు 15 ముందు నెలన్నర సాధన ఎలాగూ జరుగుతుంది. సర్టిఫికెట్ లేదని వాళ్ళను పక్కన పెట్టడం సరికాదు. పిస్టన్ మీద వేలు పెట్టించి చూడండి, అర్హత అక్కడే తెలుస్తుంది.

డీజే సంగతికి వస్తే, బ్యాండు చప్పుడు చిన్నదేమీ కాదు. ట్రంపెట్ ముందు మీటరు దూరంలో నిలబడితే చెవులు గింగురుమంటాయి. వాయించేవాళ్ళు చెవుల్లో దూది కాకుండా ఫోము బిరడాలు పెట్టుకోవాలని, గంటలా విచ్చుకున్న ట్రంపెట్ మూతి ముందువాడి తలకు నేరుగా ఉండకుండా వరుస మార్చాలని మాస్టర్లకు చెబుతున్నాం. అయినా బ్యాండుకు ఒక చేయి అడ్డం ఉంది. సావు జరిగిన ఇంటి ముందు, మసీదులో నమాజు వేళ, దవాఖాన దగ్గర మాస్టర్ చేయెత్తితే పదిమందీ ఆగిపోతారు, ఉత్త అడుగులతో దాటి మళ్ళీ ఎత్తుకుంటారు. ముసలివాళ్ళు గుమ్మంలో నిలబడి ఒక పాత పాట అడిగితే అక్కడికక్కడే వాయిస్తారు. బాక్సులకు ఆ చేయి లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. 2010 సవరణతో వాయిద్యాలకూ అదే వర్తిస్తుంది. దాన్ని బ్యాండు వాళ్ళ మీద చూపినంత గట్టిగా డీసీఎం బాక్సుల మీదా చూపాలని పోలీసులను కోరుతున్నాం. ఊరి పెద్దలు పంచాయతీలో కూర్చుని బాక్సులు వద్దనుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు.

ఇక పెండ్లి ఇంటివాళ్ళకు. బయానా ఇచ్చేటప్పుడే కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి. మనుషులెంతమంది, ఏయే వాయిద్యాలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. పొద్దున ఐరేని కుండల నుంచి రాత్రి బరాత్ దాకా ఒకటే సెట్టు కావాలంటే నడుమ మధ్యాహ్నం మూడు గంటలపాటు విరామం రాయండి. ముప్పావుగంట ఊదితే పావుగంట పెదవికి విశ్రాంతి ఉండాలి. ఆ పావుగంట డ్రమ్ములు తీన్‌మార్ కొడతాయి, ఆడేవాళ్ళకు లోటేమీ రాదు. బాకీ డబ్బు అప్పగింతలకు ముందే చేతిలో పెట్టండి. బరాత్ అయ్యాక పందిట్లో ఎవరూ దొరకరు, 'రేపు రా' అనిపించుకుని బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగే మేళాలు ఎన్నో. ఆడేవాళ్ళు విసిరే నోట్లు మొత్తం కూలిలోకి లెక్కకట్టే పద్ధతి మానుకోవాలి. తాగి వచ్చి ట్రంపెట్ లాక్కుని ఊదేవాళ్ళను ఆపే బాధ్యత ఇంటివాళ్ళదే. ఆ ఒక్క గుంజుడుకే ముందు పన్ను కదిలినవాళ్ళున్నారు.

అన్నం విషయం దాచుకోకుండా చెప్పాలి. మన ఊళ్ళలో బ్యాండువాళ్ళకు అందరూ తిన్నాక, పెరట్లో, మిగిలింది పెట్టే అలవాటు ఇంకా పోలేదు. దాని వెనక ఉన్నది కులమేనని అందరికీ తెలుసు. ఖాళీ కడుపుతో ఊదితే కళ్ళు తిరుగుతాయి, తిన్న వెంటనే ఊదితే పొట్ట పట్టేస్తుంది. వాయించడానికి గంటన్నర ముందు తిని ఉండాలి. పదింటికి చప్పుడు ఆగాలంటే బరాత్ ఎనిమిదింటికి కదలాలి, అంటే ఆరున్నరకల్లా వాళ్ళ భోజనం ముగియాలి. ఆ సాయంత్రం తొలి బంతిలోనే, చుట్టాలతో పాటు పందిట్లోనే, వాళ్ళకు విస్తర్లు వేయండి.