పాస్‌పోర్టు ఫారంలో పరలోకం

పాస్‌పోర్టు దరఖాస్తు అనగానే మనకు గుర్తొచ్చేవి చాలా అల్పమైన విషయాలు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. పాకిస్తాన్ ఫారం ఇంత చవకబారుది కాదు. అక్కడ మతం గడిలో ‘ముస్లిం’ అని రాసుకునే ప్రతి పౌరుడూ ఒక ధ్రువీకరణ కింద సంతకం పెట్టాలి. ముహమ్మదే చివరి ప్రవక్త అని నమ్ముతున్నాను అనేది అందులో మొదటి మాట. నమ్మేవాడికి ఆ మాట చెప్పడానికి అభ్యంతరమేముంది? అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. అహ్మదీయ శాఖను స్థాపించిన మీర్జా గులామ్ అహ్మద్ ఖాదియానీ దొంగ ప్రవక్త అని, ఆయన అనుచరులైన అహ్మదీయులు లాహోరీ వర్గం వారైనా ఖాదియానీ వర్గం వారైనా ముస్లిములు కారని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే విమానం.

ఆ మీర్జా గారు పోయింది 1908లో. పాకిస్తాన్ పుట్టింది 1947లో. తాను పుట్టడానికి 39 ఏళ్ల ముందే కన్నుమూసిన మనిషి మీద, తాపీపనికి రియాద్ వెళ్లే కుర్రాడి అభిప్రాయమేమిటో తేలందే ఆ దేశపు పాస్‌పోర్టు శాఖకు నిద్ర పట్టదు. కుర్రాడికి ఆయనెవరో తెలియకపోయినా ఫర్వాలేదు. తిట్టడానికి తెలిసి ఉండాలన్న నిబంధన ఫారంలో ఎక్కడా లేదు. 2004లో యంత్రాలు చదివే కొత్త పాస్‌పోర్టులు వచ్చినప్పుడు అందులో మతం గడి లేకుండా పోయింది. యంత్రానికి మతంతో పనేమిటని ఎవరో అమాయకుడు అనుకున్నట్టున్నాడు. మత పార్టీలు గోల చేశాయి, 2005లో గడి తిరిగొచ్చింది.

ఈ ముస్లిం ఎవరు, కానివాడెవరు అన్న లెక్క తేల్చడం ఒకప్పుడు అంత సులువు కాలేదు. 1953లో అహ్మదీయుల మీద పంజాబ్‌లో అల్లర్లు రేగి, లాహోర్‌లో సైనిక పాలన పెట్టాల్సి వచ్చింది. విచారణకు కూర్చున్న జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ పేరుమోసిన ఉలేమాలను పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: ముస్లిం అంటే ఎవరు? ఏ ఇద్దరి జవాబూ కలవలేదు. ఒక పండితుడి నిర్వచనం ఒప్పుకుంటే ఆయన దృష్టిలో ముస్లిములమే గానీ మిగతా అందరి దృష్టిలోనూ కాఫిర్లమవుతామని జడ్జీలు 1954 నివేదికలో రాసి చేతులెత్తేశారు. పండితులకు చేతకానిది ఇరవై ఏళ్ల తర్వాత పార్లమెంటు చేసి చూపించింది. 1974 సెప్టెంబర్ 7న రెండో రాజ్యాంగ సవరణతో అహ్మదీయులు ముస్లిములు కాకుండా పోయారు. దగ్గరుండి జరిపించిన ధర్మవేత్త నాటి ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో. కొంచెం తాగుతానని బహిరంగ సభలోనే ఒప్పుకున్న మనిషి, 1977లో దేశానికి మద్యనిషేధం పెట్టిన మనిషి కూడా ఆయనే. ఆ సవరణకు ఇంతకంటే తగిన పురోహితుడు దొరకడు.

1984లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ఇరవయ్యో నంబరు ఆర్డినెన్సు తెచ్చాడు. పీనల్ కోడ్‌లో 298-బి, 298-సి చేరాయి. అహ్మదీయుడు తన ప్రార్థనాస్థలాన్ని మసీదు అనకూడదు, ప్రార్థనకు పిలిచే పిలుపును అజాన్ అనకూడదు, తనను తాను ముస్లిం అనుకోకూడదు, అన్నట్టు కనిపించకూడదు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. పెళ్లి శుభలేఖ మీద బిస్మిల్లా అచ్చేయించుకున్నారని కేసులు నడిచాయి. ఇక్కడ ఎవరైనా ఏదో మతం పేరు చెప్పి డబ్బు గుంజితే మోసం కేసు. అక్కడ తాను నమ్మిన మాట తాను పైకి అంటే మోసం కేసు.

ఇదంతా రాజ్యాంగం ఇచ్చిన మతస్వేచ్ఛకు సరిపడుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1993 తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు దీన్ని ఎలా పరిష్కరించారనుకుంటున్నారు? ఖురాన్‌తోనా, రాజ్యాంగంతోనా? ట్రేడ్‌మార్కు చట్టంతో. కోకాకోలా కంపెనీ తన పేరు వేసిన సీసాల్లో వేరేవాడు సొంత సరుకు పోసి అమ్ముకుంటే ఊరుకుంటుందా అని తీర్పులోనే రాశారు. ఊరుకోదు, నిజమే. అయితే కంపెనీ ఎవరు, సీసా ఎవరు, మూత ఎవరు? రిజిస్ట్రేషన్ ఏ ఆఫీసులో, రెన్యువల్ ఎన్నేళ్లకోసారి? పధ్నాలుగు వందల ఏళ్ల ధర్మాన్ని కూల్‌డ్రింకు వరుసలో నిలబెట్టారు. ఏ నాస్తికుడికీ ఇంత ధైర్యం చాలలేదు. ఆ జడ్జీల మీద మాత్రం దైవదూషణ కేసు పడలేదు.

ఇక మీనార్ల ప్రహసనం. దీన్ని తొందరగా దాటెయ్యడం పాపం.

మొదట అర్జీ. ఊళ్లో పనీపాటా లేని ఒక పెద్దమనిషికి, అరవై ఏళ్లుగా కళ్లెదుటే ఉన్న అహ్మదీల మీనార్ ఒకనాడు హఠాత్తుగా కనబడుతుంది. మనోభావాలు దెబ్బతింటాయి. ఠాణా అధికారి అహ్మదీ పెద్దలను పిలిపించి, “శాంతిభద్రతల సమస్య వస్తోంది, మీరే పడగొట్టుకోండి” అంటాడు. మా గుడిని మేమెందుకు పడగొట్టుకుంటాం, ఏ చట్టమో చూపించండి అంటారు వాళ్లు. అక్కడే అధికారికి చెమటలు పడతాయి. ఎందుకంటే 298-బి చదివితే అందులో మసీదు అనే మాట ఉంది, అజాన్ ఉంది, మీనార్ మాత్రం లేదు. 1984కు ముందు కట్టిన వాటి జోలికి వెళ్లొద్దని లాహోర్ హైకోర్టు 2023లో చెప్పింది కూడా. కాబట్టి కార్యక్రమం రాత్రికి మారుతుంది. వీధిలో దీపాలు ఆర్పేస్తారు. చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు తీసుకుంటారు. నిచ్చెన, సుత్తి, గడ్డపార. తెల్లారేసరికి పెంకులు కూడా మిగలవు. దొంగ తీసుకునే జాగ్రత్తలన్నీ పోలీసులే తీసుకుంటారు. తేడా ఒక్కటే, దొంగ యూనిఫారం వేసుకుని రాడు.

ఇందులో శాస్త్రీయమైన చిక్కులూ ఉన్నాయి. మీనార్‌ను ఎన్ని అడుగులు కోస్తే అది మతం మారుతుంది? సగం విరిస్తే మొండి మీనార్ అవుతుందా, నీళ్ల ట్యాంకు కింది స్తంభం అవుతుందా? కొన్నిచోట్ల విరగ్గొట్టే ఓపిక లేక చుట్టూ రేకులు కప్పించారు. అంటే లోపల ఇస్లాం, బయట జింకు. ఇంతకంటే పెద్ద చిక్కు గుమ్మం మీది కలిమాతో. అల్లా తప్ప మరో దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని చెక్కి ఉంటుంది. దాన్ని చెరపాలి. ఎవరి చేత? ముస్లిం కానిస్టేబుల్ ఉలి పెడితే కలిమా మీద ఉలి పెట్టినవాడవుతాడు. క్రైస్తవ కూలీని పిలిస్తే రేపు ఆ కూలీ మీదే దైవదూషణ కేసు పెట్టొచ్చు. అహ్మదీయుడి చేతే చెరిపిద్దామంటే వాడు చెరపనంటాడు, ప్రాణం పోయినా చెరపనంటాడు. చివరికి ఆ వీధి మొత్తంలో కలిమాను కాపాడుతున్నది కాఫిర్ ముద్ర పడినవాడు, చెరపడానికి చూస్తున్నది ఇస్లామిక్ రిపబ్లిక్.

2025 జనవరిలో సియాల్‌కోట్ జిల్లా డస్కాలో ఇలాంటి ఒక ప్రార్థనాస్థలాన్ని పూర్తిగా నేలమట్టం చేశారు. రోడ్డు ఆక్రమణ అన్నారు. దాన్ని కట్టించింది జఫ్రుల్లా ఖాన్. ఆయన పాకిస్తాన్ మొట్టమొదటి విదేశాంగ మంత్రి. జిన్నా ఏరి కోరి పెట్టుకున్నాడు.

చనిపోయినవారికైనా మినహాయింపు ఉందనుకుంటే పొరపాటు. అబ్దుస్ సలాం 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్నాడు. 1996లో పోయాక అహ్మదీయుల కేంద్రమైన రబ్వా పట్టణంలో పూడ్చి, ‘నోబెల్ పొందిన తొలి ముస్లిం’ అని ఇంగ్లీషులో రాయి నాటారు. అధికారులు ‘ముస్లిం’ను చెరిపించారు. మిగిలినదాన్ని చదివితే ప్రపంచంలో నోబెల్ అందుకున్న మొట్టమొదటి మనిషే ఆయన అన్నమాట. పదవి ఊడపీకబోయి ఐన్‌స్టీన్ కంటే ముందు కూర్చోబెట్టారు. 2018 సెప్టెంబర్‌లో ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త ఆతిఫ్ మియాను ప్రభుత్వ ఆర్థిక సలహా మండలిలోకి తీసుకుని, అహ్మదీ అని గొడవ లేచేసరికి వారం తిరక్కుండానే పంపేశారు. ఖజానా అడుగంటి అప్పుల కోసం తిరుగుతున్న సమయమది. లెక్కలు చెప్పేవాడి చేతికి వుజూ, అంటే నమాజుకు ముందు కడుక్కునే శుద్ధి, చెల్లుతుందో లేదో ముందు తేలాలి మరి.

స్వేచ్ఛ ఉండాలి గానీ బాధ్యతతో ఉండాలి అని అక్కడి పెద్దలు తరచూ సెలవిస్తుంటారు. మంచి మాటే. ఆ బాధ్యత ఎవరి వాటాకు వస్తోందో చూడండి. 2017 నవంబర్‌లో ఎన్నికల నామినేషన్ ఫారంలో ముహమ్మదే చివరి ప్రవక్త అనే ప్రమాణం మాటలు కాస్త మారాయని ఒక గుంపు ఇస్లామాబాద్ దగ్గర ఫైజాబాద్ కూడలిని దాదాపు మూడు వారాలు దిగ్బంధించింది. న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశాకే లేచారు. వెళ్లిపోతున్న ఆందోళనకారులకు ఒక సైనికాధికారి వెయ్యేసి రూపాయల కవర్లు పంచడం వీడియోలో దేశమంతా చూసింది. ఇది స్వేచ్ఛ. ఇక బాధ్యత: ఒక అహ్మదీయుడు 2019లో తమ ఖురాన్ వ్యాఖ్యానాన్ని పంచాడట. దాన్ని నేరం చేసిన పంజాబ్ చట్టం వచ్చింది 2021లో. అరెస్టు చేసింది 2023లో. అప్పటికి లేని నేరానికి కేసేమిటని, మిగిలిన సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష ఆరు నెలలైతే ఇప్పటికే పదమూడు నెలలు లోపల ఉన్నాడని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వదిలేసింది. ప్రధాన న్యాయమూర్తి తల మీద కోటి రూపాయల వెల కట్టాడొక నాయకుడు. గుంపు కోర్టు దాకా వచ్చింది. ఆగస్టులో కోర్టు తన తీర్పులోని పేరాలు తానే కొట్టేసుకుంది.

2010 మే 28, శుక్రవారం. లాహోర్‌లో గఢీ షాహూ, మోడల్ టౌన్. నమాజుకు చేరిన అహ్మదీయుల మీద తుపాకులతో, గ్రెనేడ్లతో, బాంబులతో దిగారు. 80 మందికి పైగా చచ్చిపోయారు. టీవీల వాళ్లకు అప్పుడు వచ్చిన ఇబ్బంది ఏమిటో తెలుసా? ఆ చోటును ఏమనాలి అని. మసీదు అంటే చట్టం ఒప్పుకోదు. కాబట్టి ‘ఇబాదత్‌గాహ్’ అన్నారు, ప్రార్థనాస్థలం అన్నారు. నెత్తురు తడి ఆరకముందే మాటలు తూకం వేశారు! ఎవడి కొడుకు పోయాడని కాదు, ఏ పేరున్న గచ్చు మీద పోయాడన్నది వాళ్ల బెంగ. అహ్మదీయులు మా సోదరులు అన్నందుకు నవాజ్ షరీఫ్ మీద మౌల్వీలు విరుచుకుపడ్డారు. చంపినవాళ్ల మీద కాదు, సోదరులు అన్నవాడి మీద! సిగ్గు అనేది కూడా ఆర్డినెన్సు కింద నిషేధించారా? 2025 ఏప్రిల్ 18న, మళ్లీ శుక్రవారమే, కరాచీ సదర్‌లో వందల మంది ఒక అహ్మదీ ప్రార్థనాస్థలం మీదికి వచ్చి బయట ఒక మనిషిని కొట్టి చంపారు. ఆ చేతులన్నీ పాస్‌పోర్టు ఫారం మీద సంతకం పెట్టడానికి అర్హమైన చేతులు. కొట్టించుకున్నవాడి చేయి కాదు.

పక్కింటి గొడవ మనకెందుకని చంకలు గుద్దుకునేవాళ్ల కోసం ఒక్క మాట. ఈ పాఠం మన దగ్గర కూడా వల్లె వేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు 2012లో అహ్మదీయులు ముస్లిములు కారని తీర్మానం చేసింది. హైకోర్టు తాత్కాలికంగా ఆపితే, 2023 ఫిబ్రవరిలో ఏపీ బోర్డు మళ్లీ అదే మాట ప్రకటించింది. జులైలో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రాష్ట్రానికి లేఖ రాస్తూ ఇది విద్వేష ప్రచారమని, ఎవరు ముస్లిమో తేల్చే అధికారం వక్ఫ్ బోర్డులకు లేదని చెప్పాల్సి వచ్చింది. బోర్డు పని వక్ఫ్ ఆస్తుల్ని కాపాడటం. ఆక్రమణలో ఉన్న వక్ఫ్ భూములు ఇంకా ఆక్రమణలోనే ఉన్నాయి. వాటిని ఆక్రమించినవాడు ముస్లిమో కాదో మాత్రం బోర్డు ఇంకా తీర్మానించలేదు.