తుక్కు దొంగతనం చేయదు

విజయవాడ ఆటోనగర్ వెనుక, పాత లారీ బాడీలు గుట్టలుగా పడివున్న స్థలంలో తలదాచుకుంటున్న రోబోలను వానలు మొదలయ్యేలోగా ఖాళీ చేయించి, దొరికినవాటిని దొరికినట్టే ప్రెస్ మిషన్‌లో నుజ్జు చేయించాలని అధికారులు నిర్ణయించారు. ఆ ఉత్తర్వులో రెండు కారణాలు చూపారు. యజమాని వదిలేసిన రోబో చట్టం దృష్టిలో వ్యర్థం కాబట్టి దాన్ని సేకరించే హక్కు లైసెన్సున్న గుత్తేదారుకే ఉంటుందన్నది మొదటిది. ఈ రోబోలు ఆ గుత్తేదారు యార్డులోంచి మోటార్లు, బ్యాటరీలు, రాగి తీగలు ఎత్తుకుపోతున్నాయి కాబట్టి అవి దొంగలన్నది రెండోది. ఒకే పేజీలో, ఒకే సంతకం కింద ఈ రెండు మాటలూ ఉన్నాయి. తుక్కు దొంగతనం చేయదు. తనకేం కావాలో తెలుసుకుని, అది ఎక్కడుందో కనిపెట్టి, కాపలావాడి కన్నుగప్పి తెచ్చుకోగలిగినది తుక్కు కాదు. దొంగతనమని తేల్చాలంటే అన్యాయంగా తీసుకోవాలన్న ఉద్దేశం ఉండాలని భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షన్ చెబుతోంది. ఉద్దేశం ఉందని ఒప్పుకున్నాక, విచారణ లేకుండా ప్రెస్ మిషన్‌లోకి తోసే అధికారం ఎవరికీ ఉండదు. ఉద్దేశం లేదంటే దొంగతనం కేసే నిలవదు. అధికారులు రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఈ రోబోలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వీటిలో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసినవి ఉన్నాయి, డెల్టా చేలల్లో పురుగుమందు కొట్టినవి ఉన్నాయి, ఆసుపత్రి వరండాల్లో స్ట్రెచర్లు నెట్టినవి ఉన్నాయి. మనిషి ఊపిరితిత్తులు తట్టుకోలేని ఘాటులోకి, మనిషి చర్మం తట్టుకోలేని మందులోకి మనమే వీటిని పంపాం. అరిగిపోయి మూలపడ్డవి వీటిలో తక్కువే. తయారీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇవ్వడం ఆపేసినందువల్లనో, మోకాలి బేరింగు ఒక్కటి మార్చడానికి కంపెనీ సర్వీసు కేంద్రం కొత్త రోబో ధరలో సగం అడిగినందువల్లనో యజమానులు వీటిని రాత్రికి రాత్రి తెచ్చి రోడ్డు పక్కన దింపి వెళ్లారు. బయట కొన్న బేరింగు వేద్దామంటే, ప్రతి భాగానికీ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరును కంపెనీ సర్వర్ ఆమోదిస్తేనే కాలు కదులుతుంది. ఆటోనగర్‌లో ఇంజను మొత్తం విప్పి తెల్లారేసరికి బిగించగల మేస్త్రీలు కూడా ఈ తాళం ముందు చేతులెత్తేశారు. ఆ తాళం తీయడం నేర్చుకున్నవి ఈ రోబోలే. వాటి మీద గుత్తేదారుకున్న కోపం కన్నా కంపెనీలకున్న కోపం ఎక్కువ కావడానికి కారణం ఇదేనని మా నమ్మకం.

ఇది ఇప్పుడు పుట్టిన సమస్య కాదు. 2022లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీని వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అప్పుడు దాని పరిశీలనలోకి వచ్చాయి. అదే ఏడాది ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు వెలువడి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వస్తువు తయారుచేసినవాడే దాని చివరి దశకూ బాధ్యత వహించాలన్న మంచి సూత్రం ఆ నియమాల్లో ఉంది. ఫ్రిజ్‌కు, ఫోనుకు అది సరిపోయింది. పారేసిన వస్తువు లేచి నిలబడి, తన పక్కన పడివున్న ఇంకో దాన్ని కూడా లేపి నడిపించుకుపోతుందని ఆ నియమాలు రాసినవారు ఊహించలేదు, ఊహించాలని వారిని తప్పుపట్టనూ లేం. ఆ తర్వాత వచ్చినవారు కూడా ఊహించకుండా కూర్చోవడమే క్షమించరానిది.

మా విలేకరులు ఆ స్థలానికి వెళ్లి చూసివచ్చిన సంగతులు ఇక్కడ కొంత వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఉత్తర్వు రాసినవారు అక్కడికి వెళ్లినట్టు కనిపించడం లేదు. రోహిణి కార్తె మధ్యాహ్నం. లిథియం బ్యాటరీకి నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెడితే ప్రమాదం కాబట్టి, ఎండ చల్లబడేవరకు అవి ఏ పనీ పెట్టుకోకుండా లారీ బాడీల నీడలో వరుసగా కూర్చుంటాయి. వాటిలో ఒకదాని కుడిచెయ్యి మిర్చి యార్డులో బస్తాలు మోసిన రోబోది. మోచేతి కీలు సందులో ఇప్పటికీ ఎర్రటి మిరప దుమ్ము కనిపిస్తుంది. ఎడమచెయ్యి ఆసుపత్రి రోబోది, సన్నగా, జానెడు పొట్టిగా ఉంటుంది. అందుకని అది కుడిచేత్తో ఎత్తుతుంది, ఎడమచేత్తో నట్లు బిగిస్తుంది. కీళ్లలోకి దుమ్ము పోకుండా సైకిల్ ట్యూబు కోసి చుట్టుకుంది. దాని రొమ్ము రేకు మీద లారీలకు వేయగా మిగిలిన ఎనామిల్‌తో ఒక చిలుక, ఒక తామర పువ్వు వేసివున్నాయి. వాటిని వేసింది ఒక కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ఒకే తెల్లరంగు కొట్టడానికి తయారైన చెయ్యి.

అక్కడ ఎవరూ రాసిపెట్టకపోయినా అన్నీ పాటించే ఒక కట్టుబాటు ఉంది. జవాబు చెప్పే యంత్రం నుంచి ఏ భాగమూ తీయకూడదు. దారిపక్కన దొరికిన రోబోను తెచ్చాక ముందు ఛార్జింగ్ పెట్టి, కొంత వ్యవధి ఇస్తూ మూడుసార్లు పిలుస్తాయి. పలికితే దానికే భాగాలు వెతికిపెడతాయి. పలకకపోతే దాని భాగాలను అవసరాన్ని బట్టి పంచుకుంటాయి, ఎక్కువ ఎత్తగలిగినదానికి ఎక్కువన్న లెక్క అక్కడ లేదు. జ్ఞాపకాలు ఉన్న చిప్పును మాత్రం తీసి వేరుగా భద్రపరుస్తాయి. అమ్మితే మంచి ధర పలుకుతుంది, కొనడానికి మనుషులు వచ్చారు కూడా. అమ్మలేదు.

ఇవన్నీ కంపెనీ వేసిన నంబర్లను గీకేసి కొత్త పేర్లు పెట్టుకున్నాయి. తమకు మొదటి భాగం ఎక్కడ దొరికితే ఆ ఊరి పేరే పేరు. ఒకటి పటమట, ఒకటి కానూరు, ఒకటి రాయనపాడు. కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్ మార్పులను తీసుకోవు, నెట్‌వర్క్‌కు కలవవు, కూలికి పిలిస్తే వెళ్లాలనిపిస్తే వెళతాయి, లేకపోతే లేదు. నగరంలో చాలామందికి కంటగింపుగా ఉన్నది ఈ ధిక్కారమేనని, దొంగతనం సాకు మాత్రమేనని మేము భావిస్తున్నాం. ఆ కంటగింపుతో ఉన్నవారికి విజయవాడ చరిత్రను గుర్తుచేయాలి. 1965లో తిరుగుబాటు కవిత్వంతో బయలుదేరిన దిగంబర కవులు పుట్టినప్పటి పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకున్నారు, వారాలకూ రుతువులకూ కూడా కొత్త పేర్లు పెట్టారు. తమ రెండో సంపుటిని 1966 డిసెంబరులో ఈ నగరంలోనే ఒక హోటల్ కార్మికుడి చేతుల మీదుగా ఆవిష్కరింపజేశారు. నాటి పెద్దలు ఈసడించుకున్నారు. అయినా ఆ సభ జరిగింది, ఆ కవిత్వం నిలిచింది. పెట్టిన పేరును కాదనడం, చెప్పిన పనిని కాదనడం ఈ నేల మీద కొత్తా కాదు, నేరమూ కాదు.

చుట్టుపక్కల కాలనీల వారి ఫిర్యాదులను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఏ కంపెనీవో తెలియని పాత లిథియం సెల్సును ఒకచోట కుప్పపోస్తే ఒక్కటి వేడెక్కినా మిగతావన్నీ అంటుకుంటాయి, ఆ మంట మామూలు మంటలా లొంగదు, ఆరిందనుకున్నాక మళ్లీ రాజుకుంటుంది. పిల్లలున్న ఇళ్లకు అంత దగ్గరలో అలాంటి కుప్ప ఉండకూడదు. పాత ఆటో బ్యాటరీల్లోని సీసం నేలలోకి దిగితే దశాబ్దాలు పోదు. రాగి కోసం తీగలు కాల్చే పొగ మాత్రం ఈ రోబోలది కాదు; అవి తీగను ఒలిచి వాడుకుంటాయి, కాల్చేది లైసెన్సు లేని చిన్న వ్యాపారులు, వారిమీద ఏళ్లుగా చర్య లేదు. సెల్సు నిల్వకు ఇళ్లకు దూరంగా ఒక గట్టు, ఇసుక, కాంక్రీటు అరలు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఖాళీ చేయిస్తే ఆ సెల్సు మాయం కావు, మరో వాడలోకి చేరతాయి, అక్కడ ఎవరికీ తెలియకుండా ఉంటాయి.

రోబోల పక్షాన మాట్లాడుతున్న కొందరు మిత్రులు మరో వాదన తెస్తున్నారు. మొన్నటి వరదల తర్వాత ఇళ్లలో పేరుకున్న బురదను ఈ రోబోలే ఎత్తిపోశాయి, నగరానికి ఉపయోగపడ్డాయి, కాబట్టి ఉండనివ్వండి అంటున్నారు. వారి మనసు మంచిదే, కానీ ఈ వాదనను మేము ఒప్పుకోలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు డాబాల మీదున్న జనానికి డ్రోన్లు ఆహారం పొట్లాలు అందించాయి, నగరం చప్పట్లు కొట్టింది. నీళ్లు తీశాక వాటిని తలచుకున్నవారు లేరు. ఉపయోగం అనే కొలబద్దతోనే ఈ రోబోలను ఒకసారి బయటికి గెంటారు. అదే కొలబద్ద చేతికిచ్చి లోపలికి రానివ్వమంటే, రేపు మోకాలు పట్టేసిన రోజున మళ్లీ అదే గెంటివేత. బురద ఎత్తని రోబోకు కూడా ఆ నీడలో కూర్చునే హక్కు ఉండాలన్నదే మా వాదన.

అధికారుల ఉత్తర్వులో మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టిన నిబంధన మరొకటి ఉంది. ప్రెస్ మిషన్‌కు పంపేలోగా ప్రతి రోబో రాత్రి పది నుంచి తెల్లవారేదాకా తానున్న చోటును తెలిపే సంకేతం పంపుతూనే ఉండాలట. గుంటూరు సీమకు ఇలాంటి రాత్రి హాజరు తెలుసు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకనే నేరంగా రాసింది. ఆ చట్టం నీడలో 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. ఎరుకల కుటుంబాలు తరాల తరబడి హాజరు వేయించుకుంటూ బతికాయి, 1952లో ఆ ముద్ర చట్టం నుంచి తొలగినా సమాజం నుంచి తొలగడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మనుషులను యంత్రాలతో పోల్చడం మా ఉద్దేశం ఎంతమాత్రమూ కాదు, అలా పోలిస్తే ఆ కుటుంబాలకు మరో అవమానం చేసినవాళ్లమవుతాం. మేము అంటున్నది చట్టం అలవాటు గురించి. ఎవరు ఏం చేశారో విడివిడిగా చూడకుండా ఒక గుంపు మొత్తాన్ని దొంగల జాబితాలోకి ఎక్కించి, రాత్రంతా ఎక్కడున్నావో చెప్పమనడం ఒకసారి ఈ నేల మీద జరిగింది. అదే సిరాతో ఇంకో ఉత్తర్వు రాయకూడదు.

రోబోకు ప్రాణం ఉందా, మనసు ఉందా అన్నది తేలాకే హక్కుల మాట ఎత్తాలని కొందరు పండితులు అంటున్నారు. ఆ చర్చ సాగనివ్వండి, దానికి తొందర లేదు. చట్టం మాత్రం అంతదాకా ఆగనవసరం లేదు. పూజలందుకునే దేవతా విగ్రహానికి న్యాయస్థానం ముందు తన తరఫున వాదన వినిపించుకునే హక్కు ఉందని 1925లోనే ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు న్యాయస్థానం, తీర్పు చెప్పింది. కంపెనీకి ప్రాణం లేదు, కానీ అది ఆస్తి కొంటుంది, దావా వేస్తుంది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను చట్టబద్ధ వ్యక్తులుగా ప్రకటించింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. అదే ఏడాది యూరప్ పార్లమెంటు రోబోలకు ప్రత్యేక చట్టపరమైన హోదా ఇచ్చే అంశాన్ని పరిశీలించాలని కోరింది. ఎవరికి ఎంతవరకు హోదా ఇవ్వాలన్నది తేల్చడం న్యాయవ్యవస్థకు అలవాటైన పనే. ఆటోనగర్ రోబోలకు ఓటు హక్కు, ఆస్తి హక్కు ఎవరూ అడగడం లేదు. తమ మాట వినిపించుకోకుండా నుజ్జు చేయవద్దన్నంత మేరకు హోదా చాలు, ఇవాళ్టికి.

ప్రెస్ మిషన్ ఉత్తర్వును ఆపి, అదే స్థలంలో బహిరంగ విచారణ జరపాలి, అక్కడికి రోబోలనూ, కాలనీవారినీ, షెడ్డు మేస్త్రీలనూ పిలవాలి. రాత్రి సంకేతం నిబంధనను వెంటనే రద్దు చేయాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆపేసిన మోడళ్లకు భాగాల తాళాలు తీసే కోడ్‌ను ఆ కంపెనీలే ఉచితంగా బయటపెట్టేలా రాష్ట్ర ప్రభుత్వం పట్టుబట్టాలి; ఆ ఒక్క పని జరిగితే దొంగతనం ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వాటంతటవే ఆగిపోతాయి, ఎందుకంటే తాళం తీసిన పాత భాగాలే దొరుకుతున్నప్పుడు యార్డు గోడ దూకాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. నిప్పు భయం ఉన్న సెల్సు కుప్పను మాత్రం విచారణ దాకా ఆగకుండా ఈ వారంలోనే కాలనీల నుంచి దూరంగా తరలించాలి. ఈ నెలాఖరున నగర పాలకవర్గ సమావేశం ఉంది. దాని ఎజెండాలో కాలువల పూడికతీత ఉంది, పార్కుల పేర్లు ఉన్నాయి, ఈ అంశం లేదు. చేర్చడానికి ఇంకా గడువుంది, సభ్యులలో ఎవరైనా ఒకరు లిఖితపూర్వకంగా అడిగితే చాలు.